రూపము లేని బొమ్మ



చెట్టని గాని, ఎద్దని గాని, మనిషియని గాని పేరు పెట్టి చూపుటకు వీలులేని బొమ్మను అమూర్తచిత్రమందురు. నేడు నేను ముచ్చటింపబోవునది అట్టి చిత్రమును గూర్చియే. పొద్దుగూకినవేళ రేడియో ముందు కూర్చున్న పల్లె పెద్దలకు ఈ గొడవ యెందుకని మీరడుగవచ్చును. అవి పట్నములో ధనవంతులు గోడలకు తగిలించుకొను పిచ్చిగీతలు గదా యని కొందరు తలచుచుండవచ్చును. ముప్పదియేండ్లు బడిపిల్లలకు చిత్రలేఖనము నేర్పిన నేనును అట్లే తలచితిని. ఆ తలపు వలన నాచేత నొక తప్పు జరిగినది. ముందుగా దానిని చెప్పుకొని పిదప విషయమునకు వచ్చెదను.

1981వ సంవత్సరమున నేను డిండి వాగునకు సమీపమున నొక పల్లె బడిలో పనిచేయుచుంటిని. నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు ఆనాడు ఒకదానినొకటి ఒరయుచుండిన చోటది. ఎటుచూచినను గుండ్లు, ఎర్రని చెలకలు, లోతైన బావులు. ఒకనాడు ఏడవ తరగతి పిల్లలను తమకిష్టమైనదేదేని గీయుడంటిని. కొందరు గుడి గీసిరి, కొందరు చిలుక గీసిరి, ఎక్కువమంది జెండా గీసిరి. ఒక బాలుడు మాత్రము కాగితము నిండ బొగ్గుతోను నీలిమందుతోను వంకర గీతలు గీసి తెచ్చెను. గీతలన్నియు ఒకదాని నొకటి తరుముకొనుచు నడుమనున్న నల్లమచ్చలోనికి దిగుచుండెను.

“ఇదేమిరా?” అంటిని.

“మా బాయి సారూ. బొక్కెన ఏస్తె నీళ్లు గిట్లనే తిరుగుతయి.”

“బావిని గీయవలెనన్న దరి గీయుము, గిలక గీయుము, చేద గీయుము. ఇది బావియా?” అని గద్దించి, తరగతి యంతయు నవ్వుచుండగా ఆ కాగితమును రెండుగా చింపివేసితిని. మరుసటి యేడు వాని తల్లిదండ్రులు ఒక మేస్త్రీ వెంట దూరదేశమున ఆనకట్ట పనికి పోయిరి. వాడును పోయెను. పాలమూరు కూలీల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

ఉద్యోగము విరమించిన పిమ్మట నొకనాడు గ్రంథాలయమున కూర్చుండి యొక చిత్రముల పుస్తకమును తిరగవేయుచుంటిని. ఒక పుటలో నా చేయి నిలిచిపోయినది. గీతలు ఒకదాని నొకటి తరుముకొనుచున్నవి. నీలివర్ణములు నడుమకు లాగబడుచున్నవి. దరి లేదు, చెట్టు లేదు, పడవ లేదు. క్రింద ‘వర్ల్‌పూల్’, అనగా ‘సుడిగుండము’ అని పేరును, 1963 అను సంవత్సరమును ఉన్నవి. చిత్రకారుడు మన తెలుగువాడే, కృష్ణారెడ్డి.

ఆయన 1925లో చిత్తూరు ప్రాంతపు నందనూరు గ్రామమున జన్మించెను. శాంతినికేతనమున నందలాల్ బోసుగారి యొద్ద చదివెను. తరువాత లండనులో హెన్రీ మూరు వద్దను, పారిసులో జాడ్కిను వద్దను శిల్పము నేర్చెను. పారిసులోనే హేటరు అను నాతడు నడుపు ‘అతెలియే 17’ అను ముద్రణశాలలో పనిచేసెను. మన ప్రభుత్వము 1972లో పద్మశ్రీ నిచ్చినది. 2018లో న్యూయార్కున కాలము చేసెను. జీవితచరిత్ర కింతకంటె పొద్దు పుచ్చను. ఆయన పనిచేసిన తీరు చెప్పవలెను.

ఈ బొమ్మను ఆయన కుంచెతో వేయలేదు. ఒక జింకు పలకను ఉలులతో చెక్కి, ఆమ్లముతో కొరికించి, దానిలో మెట్టపల్లములు కల్పించును. చదునైన పలకయే యైనను అది ఆయనకు శిల్పము వంటిది. అట్టి పలకపై రంగులద్దుటలో ఒక కీలకము కలదు. 1950 దశకములో హేటరు, కృష్ణారెడ్డి, బొంబాయి వాడైన కైకో మోతీ మొదలగువారు ఆ శాలలో దానిని సాధించిరి. రొట్టెల కర్ర వంటి గట్టి రోలరుతో నూనె హెచ్చుగా కలిపిన పలుచని రంగును ముందు దొర్లింతురు. అది మెరకలకు మాత్రమే అంటును. పిదప మెత్తని రోలరుతో చిక్కని రంగును దొర్లింతురు; అది పల్లములలోనికి దిగును గాని, నూనెరంగు ఉన్నచోట అంటుకొనదు. ఈ విధముగా ఒకే పలక మీద, ఒకే యొత్తుడులో, పెక్కు రంగులు కలగాపులగము గాక కాగితమున కెక్కును.

ఇది విన్నప్పుడు నాకు మన పుట్టపాక జ్ఞప్తికి వచ్చినది. అచట తేలియా రుమాళ్లు నేయువారు నూలును ఆముదపు కాయల బూడిదతోను నూనెతోను పలుమారులు పదును చేయుదురు. అందుచే రంగు దారమున లోతుగా దిగును. రంగు అంటరాని చోట బిగించి చిటికి కట్టుదురు. పుట్టపాకలో ఆ కట్టు చేయు పనిని పారిసులో నూనె చేసినది. మరియొక పోలికయు కలదు. నేతగాడు మగ్గమెక్కక మునుపే రుమాలునంతయు మనసున చూచుకొనవలెను; కృష్ణారెడ్డియు పలకను చెక్కునప్పుడే ఏ లోతున ఏ రంగు నిలుచునో ఎరిగియుండవలెను. పిచ్చిగీతలు గీయువానికి ఇంత లెక్క యెందుకు?

ఇక స్ఫూర్తి మాట. చేప, పురుగు, సీతాకోకచిలుక, కలువ, అల, మొలకెత్తు విత్తు, ఇవి ఆయన బొమ్మల విషయములు. ఇవన్నియు మన చెరువు గట్టున దొరకునవే. 1968లో పారిసున విద్యార్థులును కార్మికులును వీధుల కెక్కినప్పుడు ఆ జనసమూహమును గూడ చెక్కెను. ఆయన పట్టుకొన జూచినది వస్తువు అంచును గాదు, దాని లోపలి కదలికను. నీటికి అంచు ఎక్కడిది? నేను ఆ బాలుని దరి గీయుమంటిని. దరి రాయి గాని నీరు గాదు గదా! అమూర్తచిత్రములన్నియు గొప్పవని నేననను. కొన్ని నిజముగా పిచ్చిగీతలే. కొన్ని కుండలు పగులును, కొన్ని నిలుచును.

మూడేండ్ల క్రిందట ఆ బాలుని చూచితిని. బాలుడని నోటి అలవాటుచే అనుచున్నాను; తల నెరసినది, అరచేతులు బండరాయి వలె నున్నవి. ఒక పెండ్లిలో తానే వచ్చి నా కాళ్లకు మ్రొక్కెను. ఇంటికి పిలుచుకొని పోయి ఆ పుస్తకమును తెరచి ముందు పెట్టితిని. చాలసేపు చూచెను.

“గీయన గూడ బాయిలకు తొంగి సూసిండు సారూ,” అనెను. కొంత తడవునకు, “మా బాయి పూడిపాయె. బోర్లు పడ్డంక నీళ్లే లేకపాయె,” అనెను.

నేను ఒక కాగితమును, పెన్సిలును వాని యెదుట నుంచితిని. “మల్ల చింపరు గద సారూ?” అని నవ్వెను. నాకు నవ్వు రాలేదు. వాడు కాగితమును మోకాలిపై సవరించుకొనెను. అంచు నుండి మొదలుపెట్టి లోనికి పోవునని నేననుకొంటిని. వాడు మొట్టమొదట నడుమ నల్లమచ్చ పెట్టెను.