పట్నపు గాలి – పల్లె కుటుంబము

(మన పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదికపై నిలిచి పరీక్షా ఫలితములు చదివి వినిపించుట మాకు వాడుక. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరుగా అచ్చయినవి గనుక నేడు మరియొక విషయము మనవి చేయదలచితిమి. వేసవి సెలవులకు ముందు ఒక తల్లి మా గదికి వచ్చి, "మాస్టారూ, సూరత్ పోయిన తరువాత మా ఇంటాయన మనిషి మారిపోయినాడు. ఇప్పుడు పిల్లవాణ్ణి కూడా పంపమంటున్నాడు. పట్నం పోతే వీడు చెడిపోడా?" అని అడిగినది. ఆ తల్లి ఎవరని ఊహింపవలదు. అట్టివారు ఈ సభలో పలువురు కలరు. ఆమెకు ఆనాడు తగిన బదులు చెప్పలేకపోతిమి. ఇంటికి పోయి, ఈ ప్రశ్నకు మన కథారచయితలు ఏమి చెప్పిరో వెదకితిమి.

పట్నమునకు పోయినవాడు చెడును, పల్లెలో నున్నవాడు బాగుండును అనుమాట మన కథలలోను సినిమాలలోను మిక్కిలి పాతది. పట్నమనగానే సారాయి, జూదము, అప్పు, అబద్ధము. పల్లె యనగానే పాడి, పంట, తులసికోట. ఈ చిత్రములో కొంత నిజము లేకపోలేదు. కాని గొప్ప రచయితలు ఇంత తేలికగా తీర్పు చెప్పలేదు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మీరెరిగినదే. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరుగవ్రాయబడిన నాటకమది. అగ్నిహోత్రావధానులు కుమారుడైన వెంకటేశమును ఇంగ్లీషు చదువునకై పట్నమునకు పంపెను. అచట గిరీశము వానికి గురువైనాడు. వెంకటేశమునకు పరీక్ష పోయినది, చుట్ట కాల్చుట మాత్రము వచ్చినది. సెలవులలో ఆ గురువే శిష్యుని వెంట పల్లెలోని ఇంటికి వచ్చెను. తల్లి వెంకమ్మ ముచ్చటపడి ఇంగ్లీషులో మాటలాడుమనగా, గురుశిష్యులిద్దరును నోటికి వచ్చిన పద్యపు ముక్కలను, వాచకపు ముక్కలను ఒకరిపై నొకరు విసరుకొందురు. ఆ తల్లి పొంగిపోవును.

ఈ ఘట్టమున మనమెల్లరము నవ్వుదుము. కాని మేము దీనిని తరగతిలో చెప్పునపుడెల్ల నవ్వు సగములో నాగిపోవును. ఇంగ్లీషు బడిలో చేర్చితిమని సంతసించి, బిడ్డ ఏమి నేర్చినదో ఎన్నడును అడుగని తల్లిదండ్రులు నేడు లేరా? వెంకమ్మను మోసగించినది పట్నమొక్కటే కాదు. అడిగి తెలిసికొనుటకు ఆ ఇంట ఎవ్వరును లేకపోవుట గూడ. పైగా ఆ పల్లె యింటి నీతి ఎట్టిది? గిరీశము గడప తొక్కక ముందే ఆ తండ్రి పెద్దకూతురును సొమ్ము పుచ్చుకొని పెండ్లి చేసి, ఆమె వితంతువు కాగా చూచి, రెండవదానిని గూడ ముసలివానికి అమ్మజూచెను. ఆ బేరము పట్నము నేర్పినది కాదు.

ఇక మనమున్న గడ్డమీది కథ. గంజాము 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలోనిది. ఆనాటినుండి ఒడిశాలోనిది. కనుక తెలుగు కథ యెంత మనదో ఒడియా కథయు నంత మనదే. ఫకీర్ మోహన్ సేనాపతి వ్రాసిన 'డాక్ మున్షీ' కథను మన పిల్లలు ఒడియా పాఠములందు వినియుందురు. తండ్రి హరిసింగు కటకపు తపాలా కచేరీలో బంట్రోతు. కుమారుడైన గోపాలుని ఇంగ్లీషు చదివించి తపాలా ఉద్యోగములోనే పెట్టించెను. కొడుకు పెద్దవాడైన కొలది, ముతక బట్టలతో దగ్గుచు ఇంట మసలు తండ్రి వానికి తలవంపుగా తోచెను. తుదకు తండ్రిని కొట్టి వెళ్లగొట్టెను. వృద్ధుడు పల్లెకు పోయి, ఉన్న కాస్త భూమి చూచుకొనుచు సుఖముగా నుండెను.

ఇది చదివినవాడు ఫకీర్ మోహన్ పల్లెను దేవాలయముగా నెంచెనని తలపవచ్చును. కాని 1902లో గ్రంథముగా వెలువడిన ఆయన నవల 'ఛ మాణ ఆఠ గుంఠ' చూడుడు. భగియా, సారియా అను నేతపని దంపతుల భూమిని మంగరాజు అపహరించి వారి సంసారమును మట్టి చేసెను. మంగరాజు పల్లెలోని భూస్వామియే. మన ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిలో సంగదాసు ప్రాణము తీసిన చౌదరయ్యయు పల్లెవాడే. వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రములో బంగారము చేసి యిచ్చెదనని రాజశేఖరుని నమ్మించినవాడు ఒక బైరాగి.

కాబట్టి ఈ కథలు మాకు చెప్పినదేమనగా: పట్నము లేని దుర్గుణమును పుట్టింపదు. ఇంటిలో ఇదివరకే బలహీనమైన చోటు నెరిగి అచట నొత్తును. ఇంటి పెద్దలు చూచుచుండగా దాగియున్న సిగ్గు, ఆశ, డాంబికము, చూచువారు లేనిచోట బయటపడును.

ఈ మాట ఇతరులను గూర్చి చెప్పుట సులభము. మేము ఉపాధ్యాయ శిక్షణకై పట్నమున నున్న దినములలో, ఒకనాడు మా తండ్రి అటుకుల మూటతో, మోకాలి వరకు దుమ్ముతో వసతి గృహమునకు వచ్చిరి. తోడి విద్యార్థులు ఎవరని యడుగగా మేము "మా ఊరివాడు" అంటిమి. ఆయన విన్నారు. "అవును బాబూ, ఊరివాడినే, ఇది ఇచ్చి పొమ్మన్నారు" అని మూట మా చేతి కందించి తిరుగు బస్సునకు పోయిరి. ఆ సంగతి బ్రతికినంత కాలము ఆయన మరల నెత్తలేదు. మేమును క్షమాపణ వేడలేదు. మాకు చుట్ట అలవాటు లేదు, జూదము లేదు, పరీక్షలో మొదటి తరగతి. మమ్ము పట్నము చెడిపినదని ఎవ్వరును అనలేదు. గోపాలుని కథ చెప్పునపుడు మా గొంతు ఏల తడబడునో మా విద్యార్థులకు ఇప్పుడు తెలియును.

ఇక సూరత్ సంగతి. మన జిల్లానుండి అచటి మరమగ్గములకు పోవుట ఒక తరము మాట కాదు. పండ్రెండు గంటల పాళీ, మగ్గముల హోరు, ఒక్క గదిలో పలువురు పురుషులు పాళీలవారీగా నిద్రించుట, భార్యాబిడ్డలు దూరము. ఇట్టి బ్రతుకులో మనిషి మారిన యెడల వానిని తిట్టుటకు మాకు నోరు రాదు. అచటినుండి వచ్చు సొమ్ముతోనే ఇచట ఇండ్లు లేచినవి, బిడ్డల పుస్తకములు వచ్చినవి. పొట్టకూటికై పోవువానిని "పోకుము, చెడుదువు" అనుట ధర్మము కాదు. కాని పదవ తరగతి ముగియని పిల్లవానిని పంపుట వేరు మాట. తనను తాను చూచుకొను కన్ను ఏర్పడక ముందే వానిని చూచువారు లేని చోటికి తోయుట యది.

కనుక తల్లిదండ్రులకు మూడు మనవులు. మొదటిది, పది ముగియువరకు పిల్లవానిని బడినుండి తీయకుడు. ఫీజు కష్టమైనచో మా గదికి రండు, సంఘ పెద్దలతో మేము మాటలాడెదము. రెండవది, రాత్రి భోజనముకడ "నేడు ఏమి చదివితివి?" అని అడుగుడు. మీకు చదువు రాకున్నను సరియే. అడుగువారున్నారను తెలివియే పిల్లవానిని కాపాడును. మూడవది, దూరమున నున్న తండ్రికి నెలకొక ఉత్తరము తెలుగులో పిల్లవానిచే వ్రాయింపుడు. ఫోను ఉన్నది గదా యందురు. ఫోనులో డబ్బు సంగతి మాటలాడి పెట్టివేయుదురు. ఉత్తరము పెట్టెలో నుండును. మనసు చెదరిన నాటి రాత్రి తీసి చదువుకొనవచ్చును. మన భాష ఈ బడిలో నేర్పుట పరీక్షకు మాత్రమే కాదు, తండ్రీ కొడుకుల నడుమ తెంపు పడకుండుటకు గూడ.

ఆ తల్లికి మేము తరువాత ఈ మాటలే చెప్పితిమి. ఆమె ఆలోచించి, "ఆయనకు మీరే ఒక ముక్క రాయండి" అన్నది. మేము కాగితము తీసి పిల్లవాని ముందు పెట్టితిమి. వాడు చాల సేపు కలము పట్టుకొని కూర్చుండి, "నాన్నా, నీవు ఎప్పుడు వస్తావు?" అని వ్రాసెను. అంతకు మించి మేము వ్రాయగలిగినది లేదని ఆ కాగితమునే పంపితిమి. దసరాకు తండ్రి వచ్చి పోయినాడు. పిల్లవాడు ఇప్పటికి మన బడిలోనే యున్నాడు. పది ముగిసిన పిమ్మట ఏమగునో చెప్పజాలము. అప్పుడు వాడు ఎచటికి పోయినను, వాని గదికి ఒకనాడు అటుకుల మూటతో ఎవరైన వచ్చినపుడు "మా నాన్న" అని చెప్పగలిగిన చాలును. అదియే మా బడి నేర్పిన చదువని మేము సంతసింతుము.