తలుపు తట్టిన తరువాతే బలిపీఠము

ఈ దినము మన ధ్యానము కొరకు లేవీయకాండము 16వ అధ్యాయమును, మత్తయి సువార్త 5వ అధ్యాయము 23, 24 వచనములను తీసుకొందాము. వీలైనవారు బైబిలు తెరచి దగ్గర ఉంచుకొనండి.

లేవీయకాండము 16లో ప్రాయశ్చిత్తార్థ దినమును గూర్చి వ్రాయబడి ఉన్నది. ఏడవ నెల పదియవ దినమున ప్రధాన యాజకుడు నారబట్టలు ధరించి, తెర లోపలికి, అతి పరిశుద్ధ స్థలములోనికి వెళ్లేవాడు. సంవత్సరమంతటిలో ఆ ఒక్క దినమే. రెండు మేకలను తెచ్చి చీట్లు వేసేవారు. ఒకటి యెహోవాకు బలి అయ్యేది. రెండవదాని తలమీద యాజకుడు తన రెండు చేతులు ఉంచి, ప్రజల దోషములన్నీ ఒప్పుకొని, దానిని అరణ్యములోనికి పంపివేసేవాడు.

క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయమును నాశనము చేశారు. ఆ తరువాత బలి లేదు, మేక లేదు, ప్రధాన యాజకుడు లేడు. అయినను యూదులు ఆ దినమును విడిచిపెట్టలేదు. యోమ్ కిప్పూర్ అని నేటికీ ఆచరిస్తున్నారు. హెబ్రీ భాష నేర్చుకొనుటకు నేను యెరూషలేములో నివసించిన కాలములో, 2012 సెప్టెంబరు 25 సాయంకాలము మొదలుకొని 26 రాత్రి వరకు ఆ దినమును దగ్గరగా చూచాను.

సూర్యుడు అస్తమించే వేళకు బస్సులు ఆగిపోయాయి, దుకాణాలు మూతపడ్డాయి. ఆ దేశపు పెద్ద విమానాశ్రయము కూడా ఆ దినమున మూసివేస్తారు. టీవీ, రేడియో ప్రసారాలు నిలిచిపోతాయి. రోడ్ల మీద అంబులెన్సులు తప్ప దాదాపు ఏ వాహనమూ కనబడదు. ఆ ఖాళీ రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతూ ఉంటారు. పెద్దలు సుమారు 25 గంటలు అన్నపానాలు ముట్టరు. భక్తిగలవారు తోలు చెప్పులు వేసుకొనరు. అనేకులు తెల్లని బట్టలు ధరించి సమాజమందిరములకు నడచి వెళతారు.

అయితే ప్రియులారా, నా హృదయమును ఎక్కువగా తాకినది ఆ ఉపవాసము కాదు, ఆ నిశ్శబ్దమూ కాదు. అంతకు ముందు దినము జరిగిన ఒక చిన్న సంగతి. మా పై అంతస్తులో ఉండే ఒక వృద్ధుడు వచ్చి నా తలుపు తట్టాడు. మెట్ల మీద ఎదురైనప్పుడు “షాలోమ్” అనడమే తప్ప మా ఇద్దరి మధ్య ఎక్కువ మాటలు లేవు. ఆయన గుమ్మములోనే నిలబడి, “ఈ సంవత్సరములో నా వలన మీ మనస్సు ఏమైనా నొచ్చి ఉంటే క్షమించండి” అన్నాడు. అలా ఒక్కొక్క ఇంటికి వెళ్లాడు. క్రింది అంతస్తులో ఒక ఇంటి ముందు మాత్రం వెంటనే తట్టలేదు. ఆ ఇంటివారికీ ఆయనకూ నీళ్ల బిల్లు విషయములో చాలా నెలలుగా మాటలు లేవని ఆ భవనములో అందరికీ తెలుసు. ఆయన కొంతసేపు అలాగే నిలబడి, చివరకు తట్టాడు. తలుపు తెరచుకొన్నది. ఆయన లోపలికి వెళ్లాడు.

ఎందుకు వెళ్లాడు? క్రీ.శ. 200 ప్రాంతములో కూర్చబడిన మిష్నా అనే యూదుల గ్రంథములో ఒక బోధ ఉన్నది. మనుష్యునికీ దేవునికీ మధ్యనున్న పాపములకు ఆ దినము ప్రాయశ్చిత్తము కలుగజేస్తుంది గాని, మనుష్యునికీ పొరుగువానికీ మధ్యనున్న పాపములకు, ఆ పొరుగువానిని సమాధానపరచేవరకు, ప్రాయశ్చిత్తము లేదని దాని భావము. ఈ మాట మీకు క్రొత్తగా వినబడుచున్నదా? మన ప్రభువు కొండమీద చెప్పినది ఏమిటి? అర్పణము బలిపీఠము నొద్దకు తెచ్చినప్పుడు, నీ సహోదరునికి నీమీద ఏదైనా ఉన్నదని జ్ఞాపకము వస్తే, అర్పణమును అక్కడే విడిచి, మొదట వెళ్లి సమాధానపడి, తరువాత వచ్చి అర్పించమన్నాడు.

ఆ దినపు మధ్యాహ్న ఆరాధనలో యోనా గ్రంథము చదువుతారు. నీనెవె క్షమించబడినందుకు కోపగించుకొన్న ప్రవక్త కథ అది. లక్ష ఇరువదివేల కంటె ఎక్కువ జనమున్న ఆ పట్టణమును గూర్చి నేను విచారపడవద్దా అని దేవుడు అడిగిన ప్రశ్నతో ఆ గ్రంథము ముగుస్తుంది. నాకు క్షమాపణ కావాలి, ఎదుటివానికి మాత్రం వద్దు అనే మనస్సు మనలోనూ ఉన్నది కదా!

క్రైస్తవులమైన మనకు నిత్యుడైన ప్రధాన యాజకుడున్నాడు. హెబ్రీ పత్రిక 9వ అధ్యాయము చెప్పినట్లు ఆయన మేకల రక్తముతో కాక తన స్వరక్తముతో, ఒక్కసారే, శాశ్వతమైన విమోచన సంపాదించాడు. మనము ఏటేటా మరియొక బలి కొరకు కనిపెట్టనక్కరలేదు. ఇది మన ధైర్యము. ఇందులోనే మనకొక అపాయము కూడా ఉన్నది. అంతా సిలువలో సమాప్తమైనది గనుక, ఇక ఎవరి తలుపూ తట్టనక్కరలేదని అనుకొంటున్నామా? గట్టు తగాదాతో పదేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములు ఒకే సంఘములో, ఒకరు కుడిప్రక్క, ఒకరు ఎడమప్రక్క కూర్చుండి, ఒకే బల్ల యొద్ద రొట్టె తీసుకొంటున్నారు. కట్నము దగ్గర తెగిపోయిన వియ్యంకులు ఒకే పాటల పుస్తకము పట్టుకొని పాడుచున్నారు. తెర చినిగింది. గోడలు మాత్రం నిలిచి ఉన్నవి. క్రీస్తు మన పక్షముగా తెర లోపలికి వెళ్లినది, మనము పొరుగువాని గుమ్మము దాటకుండుటకు కాదు, ధైర్యముగా దాటుటకే.

ఒక మాట జాగ్రత్తగా వినండి. మిమ్మును కొట్టి హింసించినవాని చేతికి మరల చిక్కమని నేను చెప్పడము లేదు. అటువంటివారు మొదట క్షేమముగా ఉండవలెను. సంఘము వారికి అండగా నిలువవలెను. మీరు వెళ్లినా అవతలివారు తలుపు తీయకపోవచ్చు కూడా. శక్యమైతే మీ చేతనైనంతవరకు సమాధానముగా ఉండుడని పౌలు రోమీయులకు వ్రాశాడు. తెరచుట వారి పని, తట్టుట మన పని.

వచ్చే ఆదివారము మీ సంఘములో ప్రభువు బల్ల ఉంటే, శనివారము లోపల ఒక్క ఇంటికి వెళ్లండి. వెళ్లలేనంత దూరమైతే ఫోను చేయండి. పెద్ద పెద్ద మాటలు అక్కరలేదు. “నావలన నొచ్చుకొన్నావు, క్షమించు” అంటే చాలు.

ప్రార్థన చేసుకొందాము. కృపగల తండ్రీ, నీ కుమారుని రక్తము చేత మాకు నీ సన్నిధికి మార్గము తెరచినందుకు స్తోత్రములు. ఇది వినుచున్న నీ బిడ్డలలో ఎవరి పేరు వినగానే ఎవరి ముఖము చిన్నబోవునో నీవు ఎరుగుదువు. ఆ గుమ్మము వరకు వారితో నడువుము. తట్టుటకు చేతికి బలమిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.