గేరు మార్చు యంత్రము: దాని కూర్పు, దాని బాధ్యత



చీపురుపల్లి రోడ్డు ప్రక్కన నిలిచి చెవియొగ్గిన వారికి లారీ మ్రోతలో ఒక విశేషము తోచును. బరువుతో బయలుదేరు లారీ మొదట పెద్దగా మూలుగును. అంతలో ఒక క్షణము ఊపిరి తీసికొన్నట్లు ఆ మ్రోత తగ్గును. మరల వేఱొక స్థాయిలో అందుకొనును. డ్రైవరు గేరు మార్చినాడని బడిపిల్లలును చెప్పగలరు. కాని ఆ ఒక్క క్షణములో ఇనుపపెట్టె లోపల ఏమి జరిగినది, అది అట్లు జరుగుటకు ఎంత ఆలోచన కావలసివచ్చినది, ఆ ఆలోచనలో పొరపాటు దొర్లినచో ఎవరి ప్రాణమునకు ముప్పు అనునవి తెలిసినవారు అరుదు. ఈ ప్రసంగమునకు అదియే విషయము.

మొదట, ఇంజనుకు గేరు ఏల కావలెనో చూడవలెను. ఊబిలో దిగిన బండిని లాగు ఎద్దు నిలిచిన చోటనే మెడ వంచి, కాలూని, తన సత్తువనంతయు ఒక్కసారి పెట్టగలదు. ఇంజను అట్లు చేయజాలదు. అది నిమిషమునకు కొన్ని వందల చుట్లు తిరుగుచున్నప్పుడే బలమిచ్చును. అంతకు తగ్గినచో ఆగిపోవును. బండి చక్రమా, నిలిచిన స్థితినుండి మెల్లగా కదలవలెను. వేగముగా తిరుగు ఇంజనుకును, మెల్లగా కదలు చక్రమునకును నడుమ సంధి కుదుర్చునదే గేరుపెట్టె.

చెరకు గానుగ ఆడించిన రైతులకు పండ్లచక్రము క్రొత్తది కాదు. ఇనుప గానుగలో ఒక రోలరు తిరిగినచో దాని తలపైనున్న పండ్లచక్రము ప్రక్క రోలరును త్రిప్పును. గేరుపెట్టెలో అట్టి చక్రములు చిన్నవియు పెద్దవియు కలవు. 15 పండ్ల చక్రము 60 పండ్ల చక్రమును త్రిప్పినచో, చిన్నది నాలుగు చుట్లు తిరుగునప్పటికి పెద్దది ఒక్క చుట్టు తిరుగును. వేగము నాలుగవ వంతగును. త్రిప్పుబలము, రాపిడికి పోయినది పోగా, నాలుగింతలగును. ఇచ్చట ఊరక వచ్చునది ఏదియు లేదు. వేగమును అమ్మి బలమును కొనుట, బలమును అమ్మి వేగమును కొనుట, ఇంతియే. బయలుదేరునప్పుడును, ఎగువ ఎక్కునప్పుడును బలము కొనవలెను. చదును నేలపై వేగము కొనవలెను. ఒకే బేరము అన్ని వేళలకు పనికిరాదు గనుక గేరు మార్చవలసి వచ్చినది.

1890ల దశకములో ఫ్రాన్సు దేశమున పనార్, లెవస్సోర్ అనువారి కర్మాగారమున తయారైన మోటారు బండ్లలో ఈ మార్పు మోటుగా జరిగెడిది. తిరుగుచున్న ఒక చక్రమును ఇరుసుపై ప్రక్కకు జరిపి, మఱియొక చక్రపు పండ్లలోనికి త్రోయవలెను. జంట రోకళ్ళతో దంపు ఇల్లాండ్రకు దీని కష్టము తెలియును. ఇద్దరి లయ కుదిరినచో రోకలి రోకలికి తగలదు. లయ తప్పినచో రెండును కొట్టుకొనును. పండ్లచక్రముల సంగతియు అంతే. రెంటి అంచువేగములు సమానముగా లేనిచో పండ్లు కలియవు. గరగరమని అరగును, ఒక్కొకప్పుడు విరుగును.

ఈ లయ ఎంతటిదో ఒక లెక్కతో తెలియును. ఒక లారీకి మూడవ గేరులో ఇంజను రెండు చుట్లు తిరిగినచో వెనుకకు పోవు ఇరుసు ఒక చుట్టు తిరుగుననియు, రెండవ గేరులో మూడు చుట్లకు ఒక చుట్టు తిరుగుననియు అనుకొనుడు. ఆ ఇరుసు నిమిషమునకు 600 చుట్లు తిరుగుచుండగా మూడవ గేరులో ఇంజను వేగము 1200 చుట్లు. అదే నడకలో రెండవ గేరు పడవలెనన్నచో ఇంజను వైపు చక్రములు 1800 చుట్లకు చేరవలెను. క్లచ్చి త్రొక్కినంతమాత్రమున ఈ 600 చుట్ల తేడా తీరదు. అందుచే పాతకాలపు డ్రైవరు క్లచ్చి త్రొక్కి గేరును న్యూట్రల్‌లోనికి తెచ్చి, క్లచ్చి వదలి, ఆక్సిలరేటరు త్రొక్కి ఇంజనును లేపి, మరల క్లచ్చి త్రొక్కి రెండవ గేరు వేసెడివాడు. దీనినే డబుల్ క్లచ్చి అందురు. ఆ తేడా తీరినదో లేదో చెప్పు సాధనము అతని చెవి యొక్కటియే.

తరువాతి వారు ఒక ఉపాయము పన్నిరి. చక్రములను జరుపుట మాని, అన్ని జతలును ఎల్లప్పుడు కలిసియే యుండునట్లు చేసిరి. ప్రధానమైన ఇరుసుపైనున్న చక్రములు దానికి బిగింపబడక ఊరక తిరుగుచుండును. ఇరుసుతోపాటు తిరుగు పండ్లకడియ మొకటి ప్రక్కకు జరిగి ఏ చక్రమును పట్టుకొనునో ఆ గేరు పడినట్లు. ఇప్పుడు లయ తప్పినను దెబ్బ తగులునది కడియపు మొద్దుపండ్లకే గాని, బరువు మోయు చక్రపు పండ్లకు కాదు.

1928లో అమెరికా దేశపు కాడిలాక్ కార్లలో, ఎర్ల్ థాంప్సన్ అను ఇంజనీరు రూపొందించిన సింక్రోమెష్ వచ్చెను. కదలుచున్న ఎడ్లబండి ఎక్కదలచినవాడు నిలిచిన చోటునుండి దూకడు. బండితోపాటు నాలుగడుగులు పరుగెత్తి, తన వేగము దాని వేగముతో సరితూగినప్పుడు ఎక్కును. సింక్రోమెష్‌లో ఆ నాలుగడుగులు వేయించునది ఒక కంచు ఉంగరము. దాని లోపలితట్టు గరాటువలె వాలుగా నుండును. కడియము జరుగగానే ఈ ఉంగరము చక్రపు వాలుమీద ఒత్తుకొని రాపిడిచే వేగములను సమానము చేయును. తరువాత మెరుగుపడిన నమూనాలలో, వేగములు సమానమగు వరకు ఉంగరపు అంచుననున్న పండ్లు కడియమునకు అడ్డుపడును. సమానమైన వెంటనే దారి విడుచును. ఆ వాలును సాధారణముగా 6, 7 డిగ్రీలుగా ఉంచుదురు. వాలు ఎక్కువైనచో పట్టు చాలదు. మిక్కిలి తగ్గినచో ఉంగరము మేకువలె బిగిసి విడిరాదు.

ఇక డ్రైవరు చేతనుండు గేరు రాడ్డు. దాని అడుగున గుండ్రని కీలు కలదు. కీలుకు దిగువనున్న కొస, ప్రక్కప్రక్కనే అమర్చిన రెండు మూడు కడ్డీలలో ఒకదానిని ఎన్నుకొని ముందుకో వెనుకకో త్రోయును. ప్రతి కడ్డీకిని పంగలకఱ్ఱవంటి ఫోర్కు ఒకటి బిగించియుండును. అది కడియపు గాడిలో కూర్చుండి దానిని జరుపును. కీలుకు పైన 40 సెంటీమీటర్లు, క్రింద 8 సెంటీమీటర్లు ఉన్న రాడ్డు చేతిబలమును ఐదింతలు చేయును. కడియమునకు 50 కిలోల త్రోపు కావలసినచో చేతికి 10 కిలోలు చాలును. కాని కడియము 1 సెంటీమీటరు జరుగుటకు చేయి 5 సెంటీమీటర్లు జరుగవలెను. రాడ్డు ఇంకను పొడవు చేసినచో త్రోయుట తేలికయగును గాని చేయి దూరము పోవలెను. పొట్టి చేసినచో దూరము తగ్గును గాని భుజము నొచ్చును. దినమునకు వందలసార్లు గేరు మార్చు బస్సు డ్రైవరుకు ఈ లెక్క ఎట్టిదో సాయంకాలమునకు ఒంటికి తెలియును.

ఈ రాడ్డు పొరపడకుండ నిర్మాత మూడు కాపలాలు ఉంచును. మొదటిది, కడ్డీపై చిన్న గుంటలు తీర్చి, స్ప్రింగు ఒత్తిడిచే ఒక ఉక్కుగుండు వానిలో పడునట్లు చేయుట. గేరు పడినప్పుడు చేతికి తగులు ‘టక్కు’ దీనివలననే కలుగును. స్ప్రింగు బలహీనమైనచో గేరు తనంతట జారిపోవచ్చును. మితిమీరి గట్టిదైనచో రాడ్డు మొరాయించును. రెండవది, ఒక కడ్డీ కదలినప్పుడు ప్రక్క కడ్డీలను కదలనీయని అడ్డుమేకులు. రెండు గేర్లు ఒక్కసారి పడినచో ఒకే ఇరుసు రెండు వేగములతో తిరుగవలసివచ్చును. అది అసంభవము గనుక గేరుపెట్టె బిగిసిపోవును, లేదా పండ్లు పగులును. మూడవది, వెనుక గేరునకు ప్రత్యేకమైన అడ్డు. రాడ్డును పైకెత్తియో, గట్టి స్ప్రింగును ఒత్తియో తప్ప ఆ గేరు పడదు. ముందుకు పోవు బండికి పొరపాటున వెనుక గేరు వేయు ప్రమాదము ఇట్లు తప్పును. ఇవిగాక, కడియపు పండ్ల ప్రక్కలను కొద్ది డిగ్రీలు లోనికి వాలునట్లు కోయుదురు. బరువు పడినకొలదియు కడియము లోనికే లాగబడును. పండ్లు అరిగినచో ఈ వాలు పోవును. అప్పుడు బరువే గేరును బయటికి నెట్టును.

ఈ కాపలాల విలువ చదును నేలపై అంతగా తెలియదు. సాలూరు దాటి పి. కోనవలస ఘాట్ చేరినప్పుడు తెలియును. సాలూరు లారీలకు పేరొందిన పట్టణము. విజయనగరమునుండి సాలూరు, పొట్టంగిల మీదుగా కొరాపుట్ వైపు పోవు దారి నేడు 26వ నంబరు జాతీయ రహదారి. ఆ ఘాట్ దిగు లారీని దాని బరువే ముందుకు త్రోయుచుండును. ఆ త్రోపునంతయు బ్రేకులే ఆపవలసివచ్చినచో అవి వేడెక్కి పట్టు కోల్పోవును. తక్కువ గేరులోనున్న ఇంజను బండిని వెనుకకు పట్టియుంచవలెను. అందుచేతనే, ఏ గేరులో ఎక్కుదువో ఆ గేరులోనే దిగుము అని పెద్ద డ్రైవర్లు చెప్పుదురు.

వాలు మొదలైన తరువాత గేరు తగ్గింపబోయి తప్పినచో ఏమగును? మూడవ గేరు వదలినది, రెండవ గేరు పడలేదు. రాడ్డు న్యూట్రల్‌లో నిలిచినది. ఇంజను పట్టు పోయినది. బండి వేగము క్షణక్షణమునకు పెరుగును. ముందు చెప్పిన లెక్కలో ఇరుసు 600 చుట్లనుండి 900 చుట్లకు చేరినదనుకొనుడు. ఇప్పుడు రెండవ గేరు పడుటకు ఇంజను 2700 చుట్లు తిరుగవలెను. బరువు లారీల డీజిలు ఇంజనులకు సాధారణముగా అంత వేగము అందదు. ఒక క్షణము ముందు తేలికగా పడవలసిన గేరు ఇప్పుడు ఎంత బలము పెట్టినను పడదు. ఇక మిగిలినది బ్రేకు ఒక్కటియే. కనుకనే అనుభవశాలియగు డ్రైవరు వాలు రాకమునుపే గేరు తగ్గించును. డీజిలు మిగులునని న్యూట్రల్‌లో దించువాడు ఆ స్వల్పలాభమునకు తన ప్రాణమును, క్లీనరు ప్రాణమును, ఎదురువచ్చు బస్సులోని వారి ప్రాణములను పందెమొడ్డుచున్నాడు. అరిగిన ఉంగరమును, సడలిన స్ప్రింగును మార్పింపక ఘాట్‌కు బండి పంపు యజమానియు ఆ పందెములో భాగస్వామియే.

ఈ పండ్లు ఏ లోహముతో చేయుదురు? ఈ ప్రశ్నకు జవాబు చీపురుపల్లి వారికి ఇంటి మాటయే. భారతదేశమున మాంగనీసు గనుల పని 1892లో ఈ ప్రాంతముననే మొదలయ్యెను. కోడూరు గనులలోని ఒక రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు కోడురైటు అని ఆ ఊరి పేరే పెట్టిరి. 1950ల దశకములో గరివిడి యొద్ద శ్రీరాంనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారము వెలసెను. గేర్లకు విరివిగా వాడు ఒక జాతి ఉక్కులో నూటికి 0.2 వంతు కర్బనము, ఒకటికి కొంచెము మించి మాంగనీసు, అంతే క్రోమియము ఉండును. పంటి పైపొర గట్టిగా ఉండవలెను, లేనిచో అరగును. లోపలి భాగము సాగుగుణము కలిగియుండవలెను, లేనిచో దెబ్బకు పగులును. అందుకై తయారైన చక్రమును 900 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచి పైపొరకు కర్బనము పట్టించి, నూనెలో చల్లార్చుదురు. కొడవలికి పదును పెట్టు కమ్మరి కొలిమిలో చేయుపనికి ఇది పెద్దన్న. ఆ పదును లోతుగా దిగుటకు మాంగనీసు, క్రోమియములు తోడ్పడును.

నేటికాలమున చేతిపని తగ్గుచున్నది. 2014లో మారుతి సెలేరియో కారులో క్లచ్చిని, గేరు కడ్డీలను యంత్రమే కదల్చు పద్ధతి వచ్చెను. 2020లో పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచి యొద్దనున్న కియా కర్మాగారమునుండి వెలువడిన సోనెట్ కార్లలో కొన్నింటికి క్లచ్చి పెడలు లేదు. డ్రైవరు చేయి గేరు రాడ్డును కదల్పబోవుటను ఒక సూచకము కనిపెట్టును. క్లచ్చిని యంత్రము విడుచును. గేరు మాత్రము మనిషియే వేయును. 2022లో తిరుపతి తిరుమల ఘాట్ రోడ్డుపై విద్యుత్ బస్సులు నడచుట మొదలయ్యెను. విద్యుత్ మోటారు ఎద్దువలె నిలిచిన చోటనే బలము పెట్టగలదు గనుక పలుగేర్ల అవసరము దానికి సాధారణముగా ఉండదు. దిగునప్పుడు ఆ మోటారే విద్యుత్తును పుట్టించుచు బండిని పట్టియుంచును. అయినను ఘాట్ వాలు మారలేదు, బరువు మారలేదు. పట్టియుంచువాడు ఒకడు కావలెనన్న ధర్మమును మారలేదు.

ఈ చుట్టుపట్ల గ్రామములనుండి లారీలపై పనికి పోవు యువకులు కలరు. మోటారు షెడ్లలో గేరుపెట్టె విప్పి బిగించు పనివారును కలరు. ఆ పని వారికి చేతితో వచ్చును. ఏల అట్లు బిగింపవలెనో చెప్పు పుస్తకము తెలుగులో వారి కందినచో, అరిగిన ఉంగరమును చూచినప్పుడు ఇంకొక ట్రిప్పు నడచునులే అని ఊరకుండరు. గ్రంథాలయము పురాణములు, కావ్యములు ఉంచిన అలమరలో యంత్రశాస్త్ర గ్రంథములకును ఒక వరుస చోటియ్యవలెను. వానిని చదువుటకు పగలు పని చేయువారు రాత్రివేళ వచ్చుటకు దీపమును, తలుపు తెఱచు సమయమును ఏర్పరచవలెను. రజతోత్సవము జరుపుకొను సంస్థకు అది తగిన కర్తవ్యము.

స్వస్తి.