రాత్రివేళ పిక్కల పట్టు – పాదాల తిమ్మిరి

(శిరివెళ్లలో మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పంతులు వైద్యం గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. న్యాయమైన సందేహమే. మేము డాక్టర్లము కాము. కార్యవర్గంవారు మమ్మల్ని పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి ప్రతి ఏడూ చెప్తూనే వున్నాము, మీరు వింటూనే వున్నారు. ఈసారి కాళ్ళ గురించి చెప్పుకొందామని మేమే అడిగి ఒప్పించుకొన్నాము. కారణం మా ఇంట్లోనే వున్నది. మా అబ్బాజాన్ ఇక్కడే ముందు వరుసలో కూర్చొని వున్నారు. వారి కుడికాలికి బొటనవేలు లేదు. వారి అనుమతి తీసుకొనే మాట్లాడుతున్నాము.

ముందు మా సంగతి. రోజంతా నల్లబల్ల ముందు నిలబడే ఉద్యోగం మాది. నలభై దాటినప్పటి నుండి నెలకు రెండు మూడుసార్లు, అర్ధరాత్రి దాటినాక, పిక్క రాయిలాగా బిగుసుకొని కేక పెట్టి లేచి కూర్చోవలసి వస్తున్నది. మన ఇళ్ళలో దీన్ని 'నస్ చఢ్ గయీ' అంటారు. తెలుగులో పిక్క పట్టేసిందంటారు, కొంకర్లు పోయిందంటారు. మంచి మాటలే. కాని కాలు మొద్దుబారినా, అరికాలు మండినా, చీమలు పాకినట్లున్నా, అన్నిటికీ 'నరాల బలహీనత' అని ఒకే పేరు పెట్టి ఒకే సీసాలోని నూనె రుద్దుతాము. పొరపాటు అక్కడే జరుగుతున్నది. పిక్క పట్టడం వేరు, పాదం తిమ్మిరి వేరు. మొదటిది ఏడిపిస్తుంది గాని చాలామందికి హాని చేయదు. రెండవది ఏడిపించకుండానే కాలు తీసుకొని పోతుంది. మా అబ్బాజాన్ మొదటిదాని కోసం నలుగురి దగ్గరికి తిరిగారు. రెండవదాని కోసం ఒక్కరి దగ్గరికీ పోలేదు.

పిక్కల పట్టు సంగతి తొందరగా చెప్పి ముగిస్తాము. పట్టినప్పుడు చీకట్లో నూనె కోసం వెదకనక్కరలేదు. మోకాలు చాపి, కాలివేళ్ళను చేత్తో పట్టుకొని మనవైపు లాగాలి. వంగలేనివారు తువ్వాలు పాదానికి తగిలించి లాగవచ్చు. లేదా లేచి, మడమ నేలకు ఆనించి నిలబడాలి. కాసేపట్లో విడుస్తుంది. పడుకొనే ముందు గోడకు చేతిదూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మడమలు లేవకుండా ముందుకు వంగితే పిక్కలు సాగుతాయి. ఇది కాలక్షేపం మాట కాదు. 2012లో నెదర్లాండ్స్ దేశంలో 55 ఏండ్లు దాటిన 80 మందిని తీసుకొని, వారిలో కొందరి చేత ఆరు వారాలపాటు రాత్రిపూట పిక్కలు, తొడ వెనుక కండరాలు సాగదీయించి చూశారు. వారికి పట్లు తగ్గినాయి. మేము కూడా చేస్తున్నాము. పూర్తిగా పోలేదు గాని ఇప్పుడు రెండు నెలలకొకసారి వస్తున్నది.

మెగ్నీషియం బిళ్ళలు మింగేవారు వున్నారు. పెద్దవయసువారి పట్లకు వాటివల్ల చెప్పుకోదగ్గ ఉపయోగం లేదని పరిశోధనలన్నీ కలిపి చూసినవారు తేల్చారు. ఇక క్వినైన్, అంటే మలేరియా చేదుమందు, వాడినవారు పాతరోజుల్లో చాలామంది. రక్తకణాలు పడిపోతాయి, గుండె లయ తప్పుతుంది అని 1994లోనే అమెరికాలో దాన్ని డాక్టరు చీటీ లేకుండా పిక్కల పట్టుకు అమ్మడం ఆపివేశారు. ఎవరైనా పాత చీటీ దాచుకొని వుంటే చింపివేయండి.

బి.పి.కి మూత్రం ఎక్కువ పోయే బిళ్ళలు వాడేవారు, మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్ వున్నవారు, గర్భిణీలు పట్లు ఎక్కువైతే డాక్టరుకు చెప్పాలి. రంజాన్ ఎండాకాలంలో వచ్చినప్పుడు ఇఫ్తారుకు, సహరీకి మధ్య నీళ్ళు సరిపడా తాగనివారికి కూడా పట్లు వస్తాయి. నాలుగడుగులు వేయగానే పిక్క నొప్పి పుట్టి, నిలబడితే తగ్గిపోతుంటే అది పట్టు కాదు, రక్తనాళం మూసుకొనిపోతున్న గుర్తు. బీడీ తాగేవారు ముఖ్యంగా వినాలి. ఒక్క కాలే వాచి, వేడెక్కి నొప్పి పెడితే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాము.

మా అబ్బాజాన్ దర్జీ. ఈ ఊళ్ళో ఎంతమంది పెళ్ళిబట్టలు వారి మిషను మీద కుట్టబడినాయో మీకే తెలుసు. ముప్పైఅయిదేండ్లు ఆ మిషను తొక్కినారు. షుగరు వున్నదని తెలిసి పన్నెండేండ్లయింది. ఒంట్లో బాగా లేనప్పుడు బిళ్ళ వేసుకోవడం, బాగుంటే మానేయడం, ఇదీ వారి పద్ధతి. మేము చెప్పలేదని కాదు. కొడుకు చెప్తే తండ్రి వింటాడా?

మొదట రాత్రిళ్ళు అరికాళ్ళ మంటలు పుట్టినాయి. దుప్పట్లో కాళ్ళు పెట్టుకోలేక బయటికి చాపి, చల్లగా వుంటుందని బేతంచెర్ల బండల మీద ఆనించుకొని పడుకొనేవారు. ఎవరో చెబితే ఒకాయన దగ్గరికి పోయి నలభై రోజులు పసరు కట్టించుకొన్నారు. ఆయన ఊరూ పేరూ ఇక్కడ అక్కరలేదు. మరికొన్నాళ్ళకు మంటలు తగ్గిపోయినాయి. అబ్బాజాన్ సంతోషపడ్డారు, మేమూ సంతోషపడ్డాము. నరాలు బాగుపడి మంట తగ్గలేదని, నరాలు చచ్చిపోయి తగ్గిందని తర్వాత డాక్టరుగారు చెబితే తెలిసింది. మిషను తొక్కుతూ చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియక, వట్టికాలు చూసుకొని 'ముసలితనం వచ్చిందిరా' అని నవ్వేవారు. అది ముసలితనం కాదు. పాదానికి స్పర్శ పోయిన గుర్తు.

ఒకరోజు అమ్మీజాన్ జానమాజ్ మడుస్తుంటే మరక కనిపించింది. నెత్తురు, చీము. కాలు చూస్తే బొటనవేలు ఉబ్బి నల్లబడి వున్నది. నంద్యాలలో ఎక్స్‌రే తీస్తే వేలిలో విరిగిన సూదిముక్క కనిపించింది. దుకాణంలో కిందపడిన సూది అది. ఎన్ని రోజులుగా వున్నదో ఇప్పటికీ తెలియదు, నాలుగు రోజులకు తక్కువ వుండదన్నారు. నమాజులో కూర్చున్నప్పుడు కుడిపాదం నిలబెట్టి వేళ్ళు మడిచి నేలకు అదుముతాము గదా. వేలిలో సూది పెట్టుకొని రోజుకు అయిదు పూటలు అట్లా కూర్చొని లేచినారు. అబ్బా అని ఒక్కసారి కూడా అనలేదు. అనడానికి నొప్పి వుంటే గదా! చివరికి కర్నూలులో వేలు తీసివేయవలసి వచ్చింది. ఇంకో వారం ఆలస్యమైతే పాదం పోయేదట. ఒకే ఇంట్లో వుంటూ, ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటూ, ఆ నాలుగు రోజులూ మా కన్ను తండ్రి పాదాల మీద పడలేదు. ఈ మాట చెప్పడానికి మాకు సిగ్గుగానే వున్నది.

నరాల్లో అన్నిటికంటే పొడవైనవి నడుము నుండి కాలివేళ్ళ దాకా పోయేవి. షుగరు ఎక్కువ కాలం ఎక్కువగా వుంటే ముందు దెబ్బతినేది ఆ పొడవైన నరాల కొసలే. అందుకే తిమ్మిరి రెండు పాదాల వేళ్ళకూ మొదలై, మేజోళ్ళు తొడిగినట్లు పైకి ఎక్కుతుంది. మనదేశంలో పదికోట్ల మందికి పైగా షుగరు వున్నదని వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. అయితే తిమ్మిరంతా షుగరు వల్లనే కాదు. బి12 విటమిన్ తగ్గినా వస్తుంది. మెట్‌ఫార్మిన్ బిళ్ళ ఏండ్ల తరబడి వాడేవారికి బి12 తగ్గవచ్చు. అట్లాగని బిళ్ళ మానేయకూడదు, రక్తపరీక్ష చేయించుకోవాలి. తాగుడువల్ల వస్తుంది. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్ వల్ల రావచ్చు, అందుకే దానితోబాటు బి6 బిళ్ళ ఇస్తారు, అది పారవేయకండి. చర్మం మీద మచ్చ వుండి, ఆ మచ్చకు స్పర్శ లేకపోతే కుష్ఠు కావచ్చు. దానికి మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. దాచుకోవలసిన జబ్బు కాదు.

కుష్ఠు మాట వచ్చింది గనుక ఒక సంగతి. మన సీమ నుండి ఎంతోమంది వైద్యానికి పోయే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చారు. కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని అప్పటిదాకా లోకం నమ్మింది. రాలిపోవు అని ఆయన చూపించారు. నొప్పి తెలియక కాల్చుకొని, కోసుకొని, పుండు మీద నడిచి నడిచి పోగొట్టుకొంటున్నారన్నారు. అరికాలికి మెత్తగా వుండే రబ్బరు చెప్పులు తయారు చేయించారు. ఈనాడు షుగరు రోగుల పాదాలకు చెప్పే జాగ్రత్తల్లో ఎంతో భాగం ఆ వేలూరు అనుభవం నుండి వచ్చిందే. మా అబ్బాజాన్ వేసుకొన్నవి కూడా అటువంటి చెప్పులే. వెనుక పట్టీ వుంటుంది, జారిపోవు.

మనకు వుజూ వున్నది. రోజుకు అయిదుసార్లు పాదాలు కడిగి వేళ్ళ సందుల్లో వేలు పెట్టి రుద్దే అలవాటు వున్నది. ఇంత అలవాటు వుండి కూడా మన పాదాలు మనం చూడము. చేయి కాలి మీద, చూపు పక్కవాని మీద! కడిగేటప్పుడే అరికాలు తిప్పి చూడండి, వంగలేనివారు చిన్న అద్దం కింద పెట్టుకోండి. తర్వాత సందుల్లో తడి లేకుండా తుడవాలి. చలికాలం వేడినీళ్ళయితే ముందు మోచేత్తో చూసుకోవాలి. ఇటుక కాచి కాపడం పెట్టడం, వేడినీళ్ళ సంచి ఆనించడం తిమ్మిరి పాదాలకు పనికిరాదు, కాలినా తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బండల మీద వట్టికాళ్ళతో నడవకండి. హజ్ యాత్రలో మండే నేల మీద చెప్పులు లేకుండా నడిచి అరికాళ్ళు బొబ్బలెక్కించుకొన్న షుగరు రోగుల సంగతి వైద్యులు రాసి వున్నారు. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దు. చెప్పులు వేసుకొనే ముందు దులపండి.

తల్లులకు ఒక మాట. ఇంట్లో అందరికంటే తక్కువగా చూడబడేవి మీ పాదాలే. వంటింట్లో వట్టికాళ్ళతో తిరుగుతారు, దెబ్బ తగిలితే పసుపు అద్ది వూరుకొంటారు. షుగరు వుంటే అట్లా కుదరదు.

మంటలకు డాక్టర్లు ఇచ్చే బిళ్ళలున్నాయి, ప్రిగాబలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి. వాటితో నిద్ర పడుతుంది. కాని పోయిన స్పర్శ వాటితో రాదు. వున్నది నిలబెట్టుకోవడానికి షుగరును అదుపులో పెట్టడమే మార్గం. మూడు నెలల సగటు తెలిపే రక్తపరీక్ష చేయించుకోండి. పొద్దున ఒక్కపూట పరీక్ష చేసి, ముందురోజు తీపి మానేసి మంచి లెక్క తెచ్చుకొనేవారు ఈ సభలో వున్నారు, పేర్లు చెప్పము.

స్పర్శ పోయిందో లేదో తెలుసుకోవడానికి ఆసుపత్రిలో సన్నని నైలాను తీగతో పరీక్షిస్తారు. ఇంట్లో చేయదగినది ఒకటి 2011లో ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఊరి వైద్యులు ప్రకటించారు. ఖర్చు లేదు. పెద్దలు కళ్ళు మూసుకోవాలి. ఇంట్లోవారెవరైనా చూపుడువేలి కొసతో రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం ఆరువేళ్ళ కొసలను ఒకటి రెండు సెకండ్లు మెల్లగా తాకాలి. నొక్కరాదు, గీరరాదు. తాకినప్పుడల్లా పెద్దలు చెప్పాలి. రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే, డాక్టరుకు చూపించాలి.

ఈ పరీక్ష మా తొమ్మిదో తరగతి పిల్లలకు వారం రోజులుగా నేర్పించినాము. సభ ముగిసిన తర్వాత పన్నెండుమంది వరండాలో చాపలు వేసుకొని కూర్చుంటారు. తల్లులకు లోపలి గదిలో ఆడపిల్లలు చూస్తారు. కొళాయి దగ్గర తువ్వాళ్ళు పెట్టించినాము. కాళ్ళు కడుక్కొని, తుడుచుకొని రండి. మొదట మా అబ్బాజాన్ కూర్చుంటారు. వారికి తొమ్మిది వేళ్ళే గనుక అయిదుచోట్లే తాకాలని పిల్లలకు ముందే చెప్పి వుంచినాము.