గౌతమి మీద నాలుగు రోజులు



మామిడి పూత పిందె కట్టే రోజుల్లోనే మన ఇళ్ళల్లో వేసవి సెలవుల లెక్కలు మొదలవుతాయి. తీరా సెలవులు వచ్చాక అందరం ఒకేసారి బయలుదేరుతాం. పాపికొండల లాంచీల దగ్గర జనం, కోరంగి మడ అడవిలో వేసిన చెక్క బాట మీద జనం, మా యానాం గోదావరి గట్టున సాయంత్రమైతే అడుగు పెట్టడానికి సందు ఉండదు. ఏటి చప్పుడు విందామని వెళ్ళినవాడు లౌడు స్పీకరు పాట విని తిరిగి వస్తాడు.

ఈ సందడి గిట్టనివారు కూడా కొందరుంటారు. నలుగురు మనుషులు, ఒక చిన్న నావ, తెడ్డు చప్పుడు తప్ప మరో చప్పుడు లేని నాలుగు రోజులు. ఇంతే వాళ్ళు కోరుకునేది. అటువంటి ప్రయాణానికి ఏర్పాట్లు ఎలా చేసుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

ఇది మనకేమీ కొత్త విద్య కాదు. పూర్వం గోదావరి మండలంలో సరుకైనా, పెళ్ళివారైనా పడవ మీదనే కదిలేవారు. ఇప్పుడు దీన్ని విహారంగా చేసేవారు ఇతర దేశాల్లో ఎక్కువ. కెనడాలో ఆంటారియో రాష్ట్రంలో ఆల్గొంక్విన్ అనే పెద్ద ఉద్యానవనం ఉంది. 1893లో ఏర్పడింది. అక్కడ కెనూ అనే తేలికపాటి దోనెలో సరస్సు నుంచి సరస్సుకు రోజుల తరబడి వెళ్తారు. రెండు సరస్సుల మధ్య నేల అడ్డం వస్తే దోనెను భుజాన ఎత్తుకుని నడుస్తారు. నిశ్శబ్దం కోరేవారు అక్కడ కూడా నడివేసవిలో బయలుదేరరు. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మిక దినోత్సవం సెలవు దాటాక, బడులు తెరిచాక బయలుదేరుతారు. అంటే నిర్జనమైన చోటు కోసం వాళ్ళు మరింత దూరం పోవడం లేదు. అదే చోటికి వేరే వేళకు పోతున్నారు. మనం నేర్చుకోవలసింది కూడా అదే.

మరి గౌతమి మీద ఆ వేళ ఏది? జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర విహార పడవ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయిన రోజున గోదావరి వరద మీదనే ఉంది. ఆ నెలల్లో ఏటి మీద సరదా అనే మాట వద్దు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి మన ప్రాంతంలో పెద్దవారెవరూ మరచిపోరు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలు ఎందరిని పోగొట్టుకున్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇక ఏప్రిల్ దాటితే ఎండ, సెలవుల రద్దీ. అన్నీ తీసివేయగా మిగిలేది సంక్రాంతి వెళ్ళిన తరువాత ఫిబ్రవరి నెల, మహా అయితే మార్చి సగం. ఎండ ముదరదు, మంచు తొందరగా విడుతుంది, వలస పక్షులు ఇంకా మడ అడవిలోనే ఉంటాయి. శివరాత్రికి మాత్రం కోటిపల్లి రేవు జనసముద్రం. ఆ వారం తప్పించండి.

నెల కుదిరింది. ఇక తేదీ. ఇక్కడే నేను ఒకసారి దెబ్బ తిన్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక మే నెలలో మా అక్క కొడుకు పన్నెండేళ్ళవాణ్ణి వెంటబెట్టుకుని, ఒక మిత్రుడితో కలిసి చిన్న నావ మీద గౌతమి పాయలోకి వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరి నాలుగింటికి తిరిగి వచ్చేయాలని కాగితం మీద రాసుకున్నాను. రేవులో వల బాగు చేసుకుంటున్న ఒక ముసలాయన, "మేస్టారూ, ఇప్పుడు పాటు తీస్తందండి. లోపలికెళ్తే బురదలో కూకుంటారు" అన్నాడు. "మూడు గంటల పనే తాతా, వచ్చేస్తాం" అన్నాను. ఆయన నవ్వి, "ఏరు మీ బడి గంట వినదండి" అన్నాడు.

ఆయన చెప్పినట్లే అయింది. రెండున్నరకల్లా నావ అడుగు బురద మేటకు తగిలింది. చూస్తుండగానే చుట్టూ నీరు తప్పుకుంది. దిగి తోద్దామంటే మోకాలు దాటి దిగబడుతోంది. తెచ్చిన నీళ్ళు రెండు సీసాలు. అవి అయిదింటికి అయిపోయాయి. చీకటి పడింది, దోమలు కమ్ముకున్నాయి. పిల్లవాడు మొదట ఏడ్చాడు, తరువాత ఏడవడం కూడా మానేశాడు. నాకు ఆ మౌనమే భయమేసింది. రాత్రి ఎనిమిది దాటాక పోటు ఎక్కి నావ కదిలింది. అటుగా వలకు వచ్చిన వారు మాకు మంచినీళ్ళిచ్చి రేవు దాకా తోడు వచ్చారు. ఆ పిల్లవాడు చాలా ఏళ్ళ వరకు ఏటి దగ్గరికి రాలేదు. తప్పు ఏటిది కాదు, నాది.

శ్రోతలారా, ఏటి గడియారం సంగతి క్లుప్తంగా చెబుతాను. సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కడం పోటు, తిరిగి తీయడం పాటు. ఒక్కొక్కటి ఆరు గంటల పైచిలుకు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇది చంద్రుడి లెక్క కనుక ప్రతి రోజూ సుమారు 50 నిముషాలు వెనక్కు జరుగుతుంది. ఈ రోజు ఉదయం ఆరింటికి పోటు మొదలైతే రేపు ఆరూ యాభైకి, ఎల్లుండి ఏడూ నలభైకి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది, అష్టమి ప్రాంతంలో చిన్నది. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖలో నీరు పది మీటర్ల దాకా లేచి పడుతుంది. మన కాకినాడ తీరంలో అది పెద్ద పోటుకు కూడా మనిషి ఎత్తు మించదు. కానీ మన నేల చదును. మూరెడు నీరు తీసినా ఎంతో దూరం బురద బయటపడుతుంది.

కనుక మూడు లెక్కలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకటి మన సెలవుల క్యాలెండరు. నా వంటి ఉద్యోగికి రెండో శనివారం, ఆదివారం, వాటికి ముందూ వెనకా ఒక్కొక్క సెలవు, మొత్తం నాలుగు రోజులు దొరుకుతాయి. రెండోది పంచాంగం. తిథి చూస్తే పోటు పెద్దదో చిన్నదో తెలుస్తుంది. మూడోది కాకినాడ రేవుకు ప్రకటించే పోటు వేళల పట్టిక. అందులో ఉన్నది సముద్రం దగ్గరి వేళ. ఏటి మీద పైకి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఆలస్యమో ఆ రేవులో వల వేసేవారిని అడిగి తెలుసుకోవాలి. మూడు లెక్కలూ కుదిరిన తేదీ దొరక్కపోతే ప్రయాణం మరో పక్షానికి వాయిదా వేయండి. ఏటిని తొందరపెట్టకండి.

ఇక దారి. యానాం నుంచి ఎగువకు కోటిపల్లి దాకా వెళ్ళి రావడం మంచిది. గౌతమి మీద సుమారు ఇరవై కిలోమీటర్లు. పోటుతో పైకి వెళ్ళి, పాటుతో కిందికి దిగడం ఇందులో కీలకం. తొలినాడు ఉదయం ఆరింటికి పోటు మొదలయ్యే తేదీ తీసుకున్నాం అనుకోండి. పోటు వెంట బయలుదేరితే పది గంటల లోపల పది కిలోమీటర్లు నింపాదిగా సాగవచ్చు. దారిలో ఇంజరం వైపు చూపు నిలపండి. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీవారు బట్టల వ్యాపారానికి అక్కడ కోఠీ పెట్టుకున్నారు. ఫ్రెంచివారు యానాంలో అడుగు పెట్టింది 1723లో, స్థిరపడింది 1731లో. ఇద్దరూ ఈ పోటు పాటులనే నమ్ముకుని వ్యాపారం చేశారు. మధ్యలో గట్టు మీద తెలిసినవారున్న ఊళ్ళో రాత్రి బస.

రెండోనాడు మళ్ళీ ఉదయపు పోటుతో కోటిపల్లి. సోమేశ్వరుని దర్శనం చేసుకుని, రేవులో ముక్తేశ్వరం వైపు దాటే పంటు దారికి అడ్డం రాకుండా నావ కట్టుకోండి. మూడోనాడు ఉదయమంతా విశ్రాంతి. పోటు నిండి, మధ్యాహ్నం రెండు ప్రాంతంలో పాటు మొదలవుతుంది. దానితో దిగితే చీకటి పడకముందే మధ్య మజిలీ చేరతారు. నాలుగోనాడు తెల్లవారుతూనే బయలుదేరితే తెల్లవారుజాము పాటు తోక పట్టుకుని పొద్దెక్కేసరికి యానాం రేవు. పాటు పూర్తిగా తీశాక రేవు మెట్ల దగ్గర బురద ఉంటుంది, కాస్త ముందుగానే చేరేలా చూసుకోండి.

కొందరు అడుగుతారు: అసలైన అడవి కిందవైపు ఉంది కదా, కోరంగి మడ అడవిలోనే రెండు రాత్రులు ఉండకూడదా అని. కూడదు. కోరంగి 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి లేనిదే లోపలికి పోరాదు. 235 చదరపు కిలోమీటర్ల ఆ అడవి బావురుపిల్లికి, నీటికుక్కకు నిలయం. దాని అంచున ఇసుక తిన్నెల మీద జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ గుడ్లు పెడతాయి. మన లాంతరు వెలుగు వాటికి దారి తప్పిస్తుంది. కనుక అడవిని పగలు, అనుమతితో, అక్కడి మనిషిని తోడు తీసుకుని చూడండి. పాయల్లోకి పోటుతో వెళ్ళి, పాటు సగం తీయకముందే బయటపడండి. కొమ్మలు విరవకండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఇక సరంజామా. మొదటిది మంచినీళ్ళు. రబీ కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరంతా కాలువల్లోకి మళ్ళుతుంది. దిగువన గౌతమిలో ఉన్నది చాలా భాగం సముద్రపు నీరే. చుట్టూ ఏరు, తాగడానికి చుక్క ఉండదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన నలుగురికి పదహారు. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు పెట్టుకుంటే రెండు రోజులకు పైగా వస్తాయి. ప్రతి మజిలీలోనూ మళ్ళీ నింపుకోండి. తొలిరోజుకు పులిహోర, తరువాతి రోజులకు అటుకులు, వేరుశనగ ఉండలు, మజ్జిగ, ఆవకాయ చాలు. నావలో పొయ్యి వద్దు. ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్, అది మూటలో కాదు, ఒంటి మీద. టార్చి, ఈల, పొడవాటి తాడు, దోమతెర, టార్పాలిన్, నీరు చొరని సంచిలో సెల్‌ఫోను.

నావను ఒక్కదాన్నే అద్దెకు తీసుకోకండి. నావతో పాటు దాని మనిషిని తీసుకోండి. గెడ ఎక్కడ అందుతుందో, మేట ఈ ఏడు ఎటు జరిగిందో అతనికి తెలుసు. అతని మాటే చివరి మాట అని బయలుదేరక ముందే మీలో మీరు అనుకోండి. అతని నాలుగు రోజుల వేట కూలి పోతుంది కనుక ఆ లెక్క ముందే మాట్లాడి సగం చేతిలో పెట్టండి.

మనది సరిహద్దు ప్రాంతం. బయలుదేరే రేవు పుదుచ్చేరిది, ఎదుటి గట్టు ఆంధ్రప్రదేశ్‌ది. రెండు వైపులా పోలీసువారికి మీ పేర్లు, తేదీలు, మజిలీలు రాసిచ్చి వెళ్ళండి. ఇంట్లో కూడా ఒక కాగితం ఉంచండి. యానాం పేరు వినగానే కొందరికి గుర్తుకొచ్చే సీసాలు మాత్రం నావ ఎక్కించకండి. గట్టు దాటితే అది నేరం, నీటి మీద అది ప్రమాదం.

చివరగా ఒక మర్యాద. మనకు అది విహారం, అక్కడివారికి అది పొలం. అడ్డంగా వల కనిపిస్తే చుట్టు తిరిగి వెళ్ళండి, ఒక పలకరింపు పలకండి. ఆల్గొంక్విన్ లోపలి సరస్సులకు డబ్బాలు, సీసాలు తీసుకుపోవడం నిషేధం. మనకు అటువంటి నిబంధన లేకపోయినా తీసుకువెళ్ళిన ప్రతి కవరూ తిరిగి తెచ్చుకుందాం.

మొన్న ఫిబ్రవరిలో మా మేనల్లుడు, ఇప్పుడు పెద్దవాడయ్యాడు, "మావయ్యా, ఈసారి నేనూ వస్తాను" అన్నాడు. ఫరంపేటలో మా అరుగు మీద పంచాంగం, పోటు పట్టిక పరచుకుని ఇద్దరం కూర్చున్నాం. తేదీ నేను చెప్పలేదు, వాడే లెక్క కట్టాడు. క్యాన్లు కూడా వాడే నింపాడు, రెండు కాదు, మూడు. మూడోనాడు కోటిపల్లి దిగువన తెడ్లు పైకి తీసి పాటుకు నావను వదిలేశాం. గంట సేపు ఎవరం మాట్లాడలేదు. లకుముకి పిట్ట ఒకటి నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది. ఆ మౌనం మాత్రం నాకు భయం కలిగించలేదు.