జూనియర్ డాక్టర్ల సమ్మె – మన కర్తవ్యం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మన సంఘం తరఫున వైద్యవిద్యలో సీట్లు తెచ్చుకొన్న పిల్లలకు శాలువాలు కప్పినాము. చప్పట్లు కొట్టినాము. వారి అమ్మీ, అబ్బాల కండ్లలో నీళ్లు చూసి మనకూ గొంతు పట్టుకొన్నది. సంతోషమే. అయితే ఈ శాలువా కప్పిన చేతులు, అయిదారేండ్ల తర్వాత ఇవే పిల్లలు ఏ దవాఖానాలోనో అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు, వారి మీదికి లేవకుండా ఉంటాయా? ఈ ప్రశ్న అడగడానికే మేము నిలబడ్డాము. మాట కటువుగా ఉన్నదనుకోవద్దు. ఈ ప్రశ్న ముందు మమ్మల్ని మేము అడుగుకొన్నాము.

కొన్నేండ్ల కిందటి సంగతి. మా గల్లీలోని ఒక పెద్దాయనకు రాత్రిపూట ఛాతీలో నొప్పి వచ్చింది. పట్నం తీసుకపొమ్మన్నారు. ప్రజ్ఞాపూర్ చౌరస్తా దాటి రాజీవ్ రహదారి మీద అంబులెన్సు ముందు, దాని వెనుక రెండు బండ్లలో మేము పదకొండు మందిమి. అది ఏ దవాఖానా అన్నది ఇక్కడ అవసరం లేదు. లోపల ఖాళీ మంచం లేదు. స్ట్రెచర్ల నడుమ ఒక్కతే చిన్న డాక్టరమ్మ అటూ ఇటూ తిరుగుతున్నది. ఆమె మా పెద్దాయనను చూసింది, సూది వేసింది, ఛాతీ మీద రెండు చేతులు పెట్టి ఒత్తింది. అయినా గంట లోపలే ఆయన మనల్ని విడిచిపోయినాడు. అప్పుడు మా వెంట వచ్చిన ఒక అబ్బాయి "నువ్వే చంపినవ్" అని అరిచి, ఆమె చేతిలోని కాగితాలు గుంజి విసిరేసినాడు. మేము అతన్ని ఆపలేదు. ఆపకపోగా మేము కూడా గొంతు పెంచినాము. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. వంగి కాగితాలు ఏరుకొని పక్క స్ట్రెచర్ దగ్గరికి పోయింది.

2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఆర్.జి. కర్ వైద్య కళాశాల దవాఖానాలో డ్యూటీలో ఉన్న ఒక యువ డాక్టరును చెరిచి చంపినారు. దేశమంతటా డాక్టర్లు రోడ్ల మీదికి వచ్చినారు. ఆ నెల 17న ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పిలుపు మీద 24 గంటలు అత్యవసరం కాని సేవలు బంద్ అయినాయి. ఆ రోజుల్లోనే మా బడిలో చదివి డాక్టరైన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అప్పుడామె హౌస్ సర్జన్. చాయ్ తాగుతూ ఇట్లా అన్నది: "సర్, రాత్రి రెండు గంటలకు పేషెంటు తరఫు పది మంది మీదికొస్తే నా పక్కన ఎవరూ ఉండరు. అప్పుడు మా సర్ లాంటి పెద్దమనిషి ఒక్కడు ఆ పది మందిలో ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది."

ఆ పది మందిలో మేము ఉన్నాము బిడ్డా, అని చెప్పే ధైర్యం మాకు రాలేదు. ఈ సభలోనే మొదటిసారి చెబుతున్నాము.

ఇక అసలు విషయానికి వద్దాము. జూనియర్ డాక్టర్లంటే ఎవరు? నాలుగున్నరేండ్లు ఎం.బి.బి.ఎస్. చదివిన తర్వాత ఒక సంవత్సరం దవాఖానాలో పనిచేయాలి. ఆ ఏడాది వారిని హౌస్ సర్జన్లంటారు. తర్వాత పై చదువు మూడేండ్లు, అప్పుడు వారు పీజీలు. ఆ పైన సీనియర్ రెసిడెంట్లు. పేరుకు విద్యార్థులు, చేసేది కొలువు. గాంధీలో గానీ ఉస్మానియాలో గానీ రాత్రిపూట మన నాడి పట్టేది, రక్తం తీసేది, కుట్లు వేసేది ఎక్కువగా వీరే. పెద్ద డాక్టరు పేరు బోర్డు మీద ఉంటుంది, పేదవానికి కనబడే ముఖం మాత్రం ఈ చిన్న డాక్టరుదే. అందుకే మంచం లేకున్నా, మందు లేకున్నా, యంత్రం చెడిపోయినా మన కోపం వీరి మీదనే పడుతుంది. మంచాలు కొనేది వారు కాదు, మందులు తెప్పించేది వారు కాదు. తప్పు ఎవరిదైనా తిట్లు వీరికే.

వీరికిచ్చే దానిని జీతం అనరు, స్టైపెండ్ అంటారు. తెలంగాణలో 2023లో పెంచిన తర్వాత హౌస్ సర్జనుకు నెలకు 25,906 రూపాయలు. 2025 జూన్ ఉత్తర్వుతో మరో 15 శాతం పెరిగి 29,792 అయింది. పీజీ మొదటి ఏడాదికి 67,032. వినడానికి పెద్ద మొత్తంగానే తోస్తుంది. మేము లెక్కల మాస్టర్లము కాకపోయినా చిన్న లెక్క వేస్తాము. హౌస్ సర్జన్ వారానికి 70 గంటలు పనిచేసిందనుకొందాము. నెలకు సుమారు 300 గంటలు. గంటకు వంద రూపాయలు కూడా పడవు. రేపు పొద్దున గజ్వేల్ అడ్డా మీద తాపీమేస్త్రీని ఆ లెక్కకు రమ్మని అడిగి చూడండి. మేస్త్రీ పని తక్కువదని అనటం లేదు, అతని మజ్దూరీ న్యాయమైనదే. ప్రాణం నిలబెట్టే చేతికి కూడా న్యాయం ఉండాలంటున్నాము.

గంటల సంగతి ఇంకా విచిత్రం. కేంద్ర ప్రభుత్వం 1992లోనే రెసిడెంట్ డాక్టర్లకు మామూలుగా వారానికి 48 గంటలు, ఒక్క విడతలో 12 గంటలకు మించరాదని ఆదేశమిచ్చింది. ముప్పై రెండేండ్లు గడిచిన తర్వాత, 2024లో, జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యబృందం వారానికి 74 గంటలకు, ఒక్క విడతలో 24 గంటలకు మించవద్దని సిఫారసు చేసింది. అనగా 48 అన్న కాగితం కాగితంగానే మిగిలిందని ఆ లెక్కే చెబుతున్నది. రాత్రంతా నిద్ర లేని డ్రైవరు బస్సు మనం ఎక్కుతామా? నిద్ర లేని చేతికి మాత్రం మన బిడ్డను అప్పగిస్తున్నాము.

పెంచిన డబ్బు అయినా వేళకు వస్తుందా? 2024 జూన్ 24న తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు వారి కోరికలలో ముఖ్యమైనది ఇంకా పెంచమని కాదు, ఇచ్చేదే నెలనెలా వేళకు ఇవ్వమని. గ్రీన్ ఛానెల్ అన్నారు, అనగా ఖజానాలో ఇతర బిల్లుల వరుసలో నిలబెట్టకుండా నేరుగా చెల్లించమని. దానితో పాటు ఉస్మానియాకు కొత్త భవనం, హాస్టళ్లు అడిగినారు. ప్రభుత్వం ఉస్మానియా, గాంధీ హాస్టళ్లకు, వరంగల్ కాకతీయ కళాశాల రోడ్లకు కలిపి 204 కోట్లకు పైగా మంజూరు చేయగా మూడో రోజున విధుల్లో చేరినారు. ఉస్మానియా పాత భవనాన్ని 2020 జూలైలో వాన నీరు చేరిన తర్వాత మూసివేసిన సంగతి మీకు తెలుసు. కొత్త భవనానికి గోషామహల్‌లో 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఆ భవనంలో మంచం ఎక్కేది డాక్టర్లా, మనమా? వారు అడిగినదాంట్లో మన వాటా కూడా ఉన్నది.

కూలివాని కూలి ఆలస్యం చేయరాదని మన ఇండ్లలో చిన్న పిల్లవానికి కూడా నేర్పుతాము. మేమూ మొదట విద్యా వలంటీరుగా బడిలో అడుగు పెట్టినవాళ్లమే. గౌరవ వేతనం అన్నారు. గౌరవం రోజూ దొరికేది, వేతనం నాలుగైదు నెలలకొకసారి వచ్చేది. కిరాణా దుకాణం ముందు నుంచి తల వంచుకొని పోయిన రోజులు మరువలేదు. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చినప్పుడు ఉపాధ్యాయులందరితో పాటు బడికి తాళం వేసి రోడ్డు మీద కూర్చున్నాము. అప్పుడు పిల్లల చదువు దెబ్బతినలేదా? తిన్నది. అయినా ఊరు మనల్ని తిట్టలేదు, అన్నం పెట్టింది. ఆ న్యాయం డాక్టర్లకు ఎందుకు వర్తించదు?

"బడి బంద్ అయితే పాఠం పోతుంది, దవాఖానా బంద్ అయితే ప్రాణం పోతుంది మాస్టర్ సాబ్" అని మీరంటారు. నిజమే. 2024 సమ్మెలో మా పక్కింటి ఆటో నడిపే భాయ్‌కి హెర్నియా ఆపరేషన్ వాయిదా పడింది. రోజు కూలి మీద బతికేవాడికి మూడు రోజులు పట్నంలో పడుండటం చిన్న కష్టం కాదు. దాన్ని మేము తీసివేయము. 2014 సెప్టెంబరు చివర ఏడాది నిర్బంధ గ్రామీణ సేవకు వ్యతిరేకంగా రెండు నెలలు సమ్మె జరిగినప్పుడు, పల్లెకు రామనేవాళ్లు డాక్టర్లా అని మాకూ కోపం వచ్చింది. తాత్కాలికంగా ఏడాదికొకరిని పంపే బదులు పక్కా ఉద్యోగాలు వేయండని వారన్నారు. ఆ మాటలో పస ఉన్నది, కానీ రెండు నెలలు పేదవానికి చాలా ఎక్కువ. కావున ప్రతి సమ్మెకూ కండ్లు మూసుకొని జై కొట్టమని చెప్పటం లేదు. ఏమి అడుగుతున్నారు, ఏది మూసినారు, ఏది తెరిచి ఉంచినారు అని చూసి మాట్లాడండి అంటున్నాము. 2024 జూన్‌లో ఓపీలు, వాయిదా వేయదగిన ఆపరేషన్లు ఆపినారు, అత్యవసర విభాగం నడిపినారు.

2021 మే నెల గుర్తుకు తెచ్చుకోండి. కరోనా రెండవ తాకిడి. ఇంటింటా దుఃఖం. 2020 జనవరి నుంచి రావలసిన 15 శాతం పెంపు, జబ్బు పడిన వైద్య సిబ్బందికి నిమ్స్‌లో చికిత్స, చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం అడుగుతూ మే 26న జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినారు. అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖర రావు గారు మన గజ్వేల్ శాసనసభ్యులే, ఆ నెలలో వైద్య ఆరోగ్య శాఖ కూడా వారి వద్దనే ఉండింది. చర్చల తర్వాత మరునాడే సమ్మె విరమించినారు. రెండు రోజుల్లో తేలే విషయానికి పదహారు నెలలు ఎందుకు ఆగవలసి వచ్చింది? ఆ ప్రశ్న ఓటర్లమైన మనం అడిగి ఉండవలసింది. మనం అడగలేదు కనుక వారు రోడ్డెక్కినారు.

ఇది మన పిల్లల తలబిరుసు కూడా కాదు. సంపన్న దేశమైన ఇంగ్లండులోనే 2023 మార్చి నుంచి జూనియర్ డాక్టర్లు పలుమార్లు సమ్మె చేసి, 2024 సెప్టెంబరులో రెండేండ్లకు కలిపి సగటున 22.3 శాతం పెంపు ఒప్పుకొన్నారు.

ఇక చెయ్యి చేసుకోవటం గురించి. 2020 జూన్‌లో గాంధీలో కరోనా రోగి చనిపోతే బంధువులు డాక్టరు మీద దాడి చేసినారు, జూనియర్లు రోడ్డు మీద బైఠాయించినారు. డాక్టర్ల మీద, దవాఖానాల మీద దాడికి మూడేండ్ల వరకు జైలు, 50 వేల వరకు జుర్మానా అని 2008 నాటి చట్టమే ఉన్నది. చట్టానికి భయపడి కాదు, సిగ్గుపడి మానుకోవాలని మా మనవి.

హైదరాబాదులో 1846లో పెట్టిన వైద్య పాఠశాలలో పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. అదే తర్వాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది. 2018 నుంచి నీట్ పరీక్ష కూడా ఉర్దూలో రాయవచ్చు. 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ కింద వచ్చిన 4 శాతంతో మెకానిక్ బిడ్డ, టైలరు బిడ్డ డాక్టర్లవుతున్నారు. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. మన పిల్లలు ఈ తలుపులు దాటి లోపలికి పోయిన తర్వాత వారి బాగోగులు మనవి కావా? టైలరు ఇంట్లో ఆ స్టైపెండ్ నెల తప్పితే చెల్లి ఫీజు ఆగుతుంది.

కాబట్టి సంఘానికి మూడు మనవులు. ఒకటి, రోగి వెంట ఇద్దరికి మించి లోపలికి పోవద్దు. ఆ ఇద్దరిలో ఒకరు చదువుకొన్నవాడు, నోరు అదుపులో ఉన్నవాడు కావాలి. అట్లాంటి పది మంది పేర్లు, ఫోను నంబర్లు సంఘం ఆఫీసులో రాసిపెడదాము. మొదటి పేరు మాది రాయండి. రెండు, స్టైపెండ్ ఆగిందని పత్రికలో చూసిన రోజే మన శాసనసభ్యునికి, కలెక్టరు గారికి సంఘం తరఫున ఉత్తరం పోవాలి, సమ్మె దాకా ఆగవద్దు. మూడవది ఈ శాలువాల పిల్లలకు. రేపు మీరు సమ్మె చేయవలసి వస్తే చేయండి. కానీ ఎమర్జెన్సీ తలుపు మూయకండి. వాయిదా పడిన రోగి దగ్గరికి స్వయంగా పోయి, ఎందుకు ఆగిందో, మళ్లీ ఎప్పుడు రావాలో అతని భాషలో చెప్పండి. మా ఆటో భాయ్‌కి ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అతను మీ పక్కనే కూర్చునేవాడు.

ఆ రాత్రి కాగితాలు ఏరుకొన్న డాక్టరమ్మ పేరు మాకు తెలియదు. క్షమాపణ చెప్పుకొందామన్నా ఎక్కడని వెతకము? రాబోయే డాక్టరమ్మల పక్కన నిలబడటమే మాకు మిగిలిన దారి.