పార్లర్ పనిలో మన చేతులు, మన ఊపిరి

(పట్టణ సమాఖ్య వార్షిక మహాసభలో బ్యూటీ పార్లర్ పని చేసే సభ్యుల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో పొదుపు ఎంతయింది, లింకేజీ ఎంత వచ్చింది, ఎవరి వాయిదా ఎక్కడ ఆగింది అని లెక్కలు చదువుకుంటాం. ఈసారి ఆ లెక్కల మధ్యలో మాకు కాస్త టైం ఇమ్మని అడిగాం. మేం ఏడుగురం. కొందరం అప్పు తీసుకుని పార్లర్ పెట్టుకున్నవాళ్ళం, కొందరం అలాంటి పార్లర్లలో జీతానికి చేస్తున్నవాళ్ళం. మైకు ముందు మాట్లాడటం మాకు అలవాటు లేదు. అందుకని ఏడుగురం కూర్చుని కాగితం మీద రాసుకొచ్చాం. తప్పులుంటే సర్దుకోండి.

ముందు మాలో ఒకామె సంగతి చెప్పాలి. పేరు చెప్పొద్దంది, చెప్పం. ఐదేళ్ళ నుంచి థ్రెడింగ్, ఫేషియల్ చేసుకుంటూ ఉండేది. ఇదివరకు పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టి, గోళ్ళకి రంగు వేస్తే సరిపోయేది. ఇప్పుడు గోళ్ళు పొడుగ్గా అతికించాలి, వాటి మీద రాళ్ళు, మెరుపులు ఉండాలి. ఆమె కూడా ఆ పని నేర్చుకుని వచ్చి, రెండో విడత అప్పులో జెల్ కిట్టు, ల్యాంపు, కొత్త కుర్చీ కొంది. ముహూర్తాల రోజుల్లో తీరిక లేదు. మొదటి సీజన్లో వాయిదాలు కట్టగా ఇంకా చేతిలో మిగిలిందంటే చూడండి.

రెండో సీజన్లో వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. దురద. తర్వాత చర్మం పొరలుగా లేచి పగుళ్ళు వచ్చాయి. అన్నం కలుపుకుంటే మంట. మేమంతా చూశాం. "అంట్లు తోమే సబ్బు పడట్లేదేమో, మార్చి చూడు" అన్నాం. మార్చింది. కొబ్బరినూనె రాసింది, మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాసింది. మూఢం వచ్చింది, పెళ్ళిళ్ళు లేవు, గోళ్ళ పని లేదు. చేతులు తగ్గాయి. "చూశావా, సబ్బే" అన్నాం. మళ్ళీ ముహూర్తాలు మొదలయ్యేసరికి ముందుకంటే ఎక్కువగా వచ్చింది. ఈసారి కనురెప్పలు కూడా వాచాయి. మూఢంలో ఎందుకు తగ్గింది, ముహూర్తాల్లో ఎందుకు పెరిగింది అని మాలో ఒక్కరికీ తట్టలేదు. అంట్లు మూఢంలోనూ తోమింది కదా! ఇది మా తప్పే, సభలో ఒప్పుకుంటున్నాం.

చివరికి ప్రభుత్వాసుపత్రి చర్మం ఓపీకి వెళ్తే, అక్కడి డాక్టరమ్మ చేతులు చూడకముందే "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగారట. అంతకుముందు ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు. జెల్ గోళ్ళ పని అనగానే విషయం తేలిపోయింది. జెల్లో, అక్రిలిక్ గోళ్ళలో ఉండే మందుకి ఆమె ఒంటికి ఎలర్జీ వచ్చేసింది. వచ్చాక ఇక పోదు. ఈ జన్మలో ఆ పని చేయకూడదన్నారు. పళ్ళు కట్టించుకోవాల్సి వచ్చినా, ఎముకల ఆపరేషన్ అవసరమైనా ఈ ఎలర్జీ ఉందని అక్కడి డాక్టర్లకు ముందే చెప్పమన్నారు. పళ్ళకు నింపే సిమెంటులో, ఎముకలకు వాడే సిమెంటులో ఆ జాతి మందులే ఉంటాయట. గోళ్ళకి వేసే రంగుకీ మోకాలి ఆపరేషన్‌కీ సంబంధం ఉంటుందని మనకెక్కడ తెలుసు?

పని పోయింది, కిట్టు మూల పడింది. వాయిదా మాత్రం ఉంది. ఆమె గ్రూపు వాళ్ళు ఇంటికి వెళ్ళి అడిగారు. వాళ్ళను మేం తప్పు పట్టట్లేదు. ఒక్కరి వాయిదా తప్పితే పదిమందికీ తర్వాతి లింకేజీ ఆగుతుంది. అడిగినవాళ్ళూ ఏడ్చారు, ఆమే ఏడ్చింది. ఈ సంగతి చివర్లో మళ్ళీ మాట్లాడతాం.

ఎలర్జీ ఎలా వస్తుందో మాకు అర్థమైనంతవరకు చెప్తాం. జెల్ పచ్చిగా ఉన్నప్పుడే ప్రమాదం. ల్యాంపు కింద పూర్తిగా గట్టిపడితే అంత భయం లేదు. పచ్చి జెల్ చర్మానికి తగలడం, దాన్ని వేలితో తుడవడం, తుడిచిన గుడ్డనే మళ్ళీ పట్టుకోవడం, మందంగా పూసి తొందరలో రెండు నిమిషాలు ల్యాంపు పెట్టాల్సింది ఒక నిమిషంతో సరిపెట్టడం, ఒక కంపెనీ జెల్‌కి ఇంకో కంపెనీ చవక ల్యాంపు వాడటం, వీటి వల్ల పచ్చి మందు మన చేతికీ, కస్టమర్ చర్మానికీ అంటుతూనే ఉంటుంది. పైకి ఎండినట్టు కనిపించినా లోపల పచ్చిగా ఉండొచ్చు. దాన్ని ఫైలింగ్ చేసినప్పుడు లేచే పొడి చేతుల మీద, మొహం మీద పడుతుంది. ఆమెకు కనురెప్పలు వాచింది అందుకే. మొదటిరోజే రాదు, నెలల తర్వాతో ఏళ్ళ తర్వాతో వస్తుంది. అందుకే "నాకేం కాలేదు, నాకు పడుతుంది" అని ఎవరూ ధీమాగా ఉండొద్దు. ఆమె కూడా మొదటి సీజనంతా అదే అంది.

గ్లవ్స్ సంగతి. పల్చటి రబ్బరు గ్లవ్స్‌ని ఈ మందు ఆపకుండా దాటిపోతుంది. నీలంగా వచ్చే నైట్రైల్ గ్లవ్స్ మేలు, అయితే అవీ ఎక్కువసేపు ఆపవు. జెల్ అంటిందంటే వెంటనే తీసి పారేసి కొత్తవి వేసుకోవాలి. పొద్దున వేసుకున్న జతతోనే సాయంత్రం దాకా చేస్తే, మందుని చేతికి కట్టుకుని తిరిగినట్టే. జీతానికి చేసే పిల్లకి గ్లవ్స్ ఖర్చు యజమానురాలు పెట్టాలా, ఆ పిల్లే కొనుక్కోవాలా అని మా ఏడుగురిలోనే గంటసేపు గొడవ అయింది. యజమానురాలే పెట్టాలని చివరికి ఒప్పుకున్నాం. ఒప్పుకున్నవాళ్ళలో ముగ్గురు యజమానురాళ్ళు.

ఇక గాలి. మన పార్లర్లు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు. ఆడవాళ్ళ పార్లర్ కాబట్టి ముందు తెర, తలుపు వేసి ఉంచాలి, కిటికీ ఉంటే దానికి స్టిక్కర్ అంటించాలి. మర్యాద కోసం చేసిన ఏర్పాటే, కానీ లోపల ఒక్క గది, దాంట్లో గోళ్ళరంగు, రిమూవర్, బ్లీచ్, హెయిర్ డై, స్మూతెనింగ్ మందు, అన్నీ కలిపి మన ముక్కులోకే. ఏసీ ఉంది కదా అంటారు. గోడకు పెట్టే ఏసీ బయటి గాలి తేదు, లోపలి గాలినే చల్లబరిచి తిప్పుతుంది. సాయంత్రానికి తలనొప్పి, కళ్ళ మంట, గొంతు గరగర వస్తే మేం టీ తాగి సరిపెట్టుకునేవాళ్ళం. కొత్తగా వచ్చిన కస్టమర్ "ఏంటండీ ఇంత వాసన" అంటే మాకేమీ తెలిసేది కాదు. ముక్కు అలవాటు పడిపోయింది, అంతే.

రిమూవర్లో ఉండే అసిటోన్ ఆవిరి, కొన్ని గోళ్ళరంగుల్లో ఉండే టోలుయిన్ ఆవిరి మామూలు గాలి కంటే బరువు. పైకి పోవు, బల్ల మీదే, మన ఒడిలోనే పేరుకుంటాయి. పైకప్పు దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే ఆ ఆవిరి మన ముక్కు దాటుకునే పైకి పోవాలి. అందుకని ఫ్యాన్ బల్ల ఎత్తులో, కస్టమర్ వైపు నుంచి లాగి బయటికి వదిలేలా ఉంటే మంచిది. కింద చాప వేసి పసిపిల్లని పడుకోబెట్టుకుని పని చేసుకునేవాళ్ళం మాలోనూ ఉన్నాం. బరువు ఆవిరి ఆ పిల్ల దగ్గరికే వెళ్తుందని తెలిశాక ఆ రాత్రి మాలో ఒకామెకి నిద్ర పట్టలేదు. కడుపుతో ఉన్నవాళ్ళని గోళ్ళ పనికీ, స్మూతెనింగ్ పనికీ కూర్చోబెట్టొద్దని మాలో మేం నిర్ణయం చేసుకున్నాం. వాళ్ళకి థ్రెడింగ్ ఇస్తున్నాం, జీతం తగ్గించకుండా.

అసిటోన్ నిప్పుకి ఇట్టే అంటుకుంటుంది. పొద్దున్నే షాపు తీసి దేవుడి పటం ముందు దీపం, అగరుబత్తి పెట్టేది మనమే కదా. దీపం కొండెక్కాకే రిమూవర్ మూత తీయండి. దేవుడేమీ అనుకోడు.

స్మూతెనింగ్ గురించి ఒక్క మాట. కొన్ని మందుల్ని ఐరన్‌తో వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ అనే ఆవిరి వస్తుంది. అది క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. కళ్ళల్లో నీళ్ళు తెప్పించే మందుని కస్టమర్ ఎంత అడిగినా చేయం అని మాలో నలుగురం మానేశాం. ముగ్గురు ఇంకా చేస్తున్నారు. అద్దె కట్టాలి అంటున్నారు, వాళ్ళని ఏమీ అనలేకపోయాం.

మాస్క్ వేసుకుంటే చాలనుకోకండి. కరోనా అప్పటి గుడ్డ మాస్క్ గానీ, ఆసుపత్రి మాస్క్ గానీ ఆవిరిని ఆపవు. ఎన్-95 పొడిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఫైలింగ్ చేసేటప్పుడు అది వేసుకోండి, ఆవిరికి మాత్రం గాలి ఆడటమే మందు.

ఈ బాధ మన ఊరిది మాత్రమే అనుకున్నాం. మాలో ఒకరి కోడలు ఫోన్లో చదివి చెప్తే తెలిసింది, అమెరికాలో ఈ పని చేసేవాళ్ళు చాలామంది వియత్నాం ఆడవాళ్ళట. యుద్ధం అయిపోయిన 1975లో కాలిఫోర్నియా శిబిరంలో తలదాచుకున్న ఇరవై మంది ఆడవాళ్ళు, టిప్పీ హెడ్రెన్ అనే సినిమా నటి గోళ్ళని చూసి ముచ్చటపడితే, ఆవిడ తన మనిషిని పిలిపించి వాళ్ళకి ఆ పని నేర్పించింది. అలా మొదలై వేల కుటుంబాలకి అదే బతుకుతెరువు అయింది. తలనొప్పులు, దద్దుర్లు, ఆయాసం కూడా దాంతోపాటే వచ్చాయి. 2005లో అక్కడ వాళ్ళంతా ఒక కూటమిగా కలిసి, మంచి మందులు, గాలి ఆడే గది కావాలని అడగడం మొదలుపెట్టారు. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం, ఆ మూడు చెడ్డ మందులు (టోలుయిన్, ఫార్మాల్డిహైడ్, ఇంకొకటి డైబ్యూటైల్ థాలేట్) లేని రంగులు వాడి, గాలి సరిగ్గా ఉంచుకునే షాపులకి గుర్తింపు ఇవ్వాలని చట్టం చేసింది. భాష రానివాళ్ళు, పరాయి దేశంలో, ఇద్దరు ముగ్గురు పని చేసే చిన్న షాపులవాళ్ళు సాధించుకున్నారు. మనకి భాషా ఉంది, సమాఖ్యా ఉంది.

అక్కడిదే ఇంకో సంగతి. "ఆ మూడూ లేవు" అని లేబుల్ మీద రాసిన రంగుల్ని 2012లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ పరీక్షిస్తే కొన్నింటిలో ఉన్నాయని తేలింది. కాబట్టి లేబుల్‌ని నమ్మి కిటికీ మూసుకోకూడదు. అలాగని అసలు లేబులే లేనిది ఇంకా ప్రమాదం. మన దేశంలో సౌందర్య సాధనాల నియమాలు 2020 ప్రకారం తయారుచేసినవాళ్ళ చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఏమేం కలిపారో ఆ పేర్లు డబ్బా మీద ఉండాలి. బయటి దేశం సరుకైతే దిగుమతి చేసినవాళ్ళ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. హోల్‌సేల్‌లో చవగ్గా దొరికే, అర్థం కాని అక్షరాల జెల్ సీసాల మీద ఇవేవీ కనిపించవు. మా మాట, వాటిని కొనొద్దు. అలాగే పెద్ద క్యాన్‌లోంచి రిమూవర్‌ని మంచినీళ్ళ సీసాలో పోసుకోవడం ఈరోజే మానేద్దాం. పిల్లలు తిరిగే చోట అది ఎంత పని చేస్తుందో చెప్పక్కర్లేదు.

మేం నాలుగు షాపుల్లో మార్పులు చేశాం. బల్ల పక్కన గోడకి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్, తెర పైన ఒక అడుగు ఖాళీ, దూది వేయడానికి మూత ఉన్న చెత్తబుట్ట, అన్నం తినడానికి బయట ఒక స్టూలు. ఫ్యాన్, బిగించిన కూలీ కలిపి షాపుకి రెండు వేల లోపే అయింది. గ్లవ్స్ వేసుకుంటే "మాకేమన్నా అంటురోగమా?" అని ఇద్దరు కస్టమర్లు లేచి వెళ్ళిపోయారు. ఒకామె తిరిగొచ్చింది, రెండో ఆవిడ రాలేదు. సాయంత్రం తలనొప్పి మాత్రం మాలో ముగ్గురికి బాగా తగ్గింది.

ఇక సమాఖ్యని అడగాల్సింది. పార్లర్‌కి అప్పు అడిగినప్పుడు కుర్చీ, అద్దం, ఏసీ అని ఎస్టిమేట్ రాస్తాం. ఇకనుంచి అందులో ఎగ్జాస్ట్ ఫ్యాన్, మూత బుట్ట, ఆరు నెలల గ్లవ్స్ ముందు రాస్తేనే ఆర్పీలు సంతకం పెట్టాలని కోరుతున్నాం. పని నేర్పించే శిక్షణలో మొదటిరోజే ఈ విషయాలు చెప్పాలి, చెప్పడానికి మాలో ఇద్దరం డబ్బులు లేకుండా వస్తాం. పని వల్లే జబ్బు వచ్చిందని డాక్టరు చీటీ రాసిస్తే, ఆ సభ్యురాలికి వేరే పని కుదిరేదాకా ఆరు నెలల వాయిదాలు సమాఖ్య సొంత నిధి నుంచి సర్దాలి, తర్వాత ఆమె నెమ్మదిగా తీరుస్తుంది. అప్పుడు ఆమె గ్రూపు లింకేజీ ఆగదు, ఎవరూ ఎవరి ఇంటి ముందూ నిలబడాల్సిన పని ఉండదు.

ఆమె ఇప్పుడు థ్రెడింగ్, ఫేషియల్ మాత్రమే చేస్తోంది. ఇంకా తొమ్మిది వాయిదాలున్నాయి. జెల్ కిట్టు అమ్మేస్తే రెండు వాయిదాలన్నా వస్తాయి కదా అని మేమే అన్నాం. "నా చేతులు తిన్నదాన్ని ఇంకో ఆడపిల్లకి ఎలా అమ్మను?" అంది. ఆ కిట్టు ఇంకా ఆమె ఇంట్లో అటక మీదే ఉంది. తీర్మానం కాగితం అధ్యక్షురాలు గారికి ఇస్తున్నాం. ఈరోజు భోజనాలకు లేచేలోపు చర్చకి పెట్టమని మనవి.